పేరు అడగని బల్ల

గున్‌వోర్ అక్క గురించి చెప్పాలంటే ముందు ఆమె స్టాంపు గురించి చెప్పాలి. మా ఎల్వ్‌బాక మున్సిపాలిటీకి వచ్చిన ప్రతి ఉత్తరం మీదా ముప్ఫై నాలుగేళ్ళుగా ఆమె కొట్టిన ముద్రే ఉంటుంది. ఆమెది టపా సెక్షన్. ఎదురు బల్ల నాది, ఇళ్ళ ప్లాన్ల సెక్షన్. ఉదయం ఎనిమిదింటికి ఠప్ ఠప్‌మని ఆ చప్పుడు మొదలైతే గాని నాకు కాఫీ దిగదు. చలికాలం కాలితో తన్నే మంచుబండి మీద ఆఫీసుకొస్తుంది. అరవై ఒక్కేళ్ళ మనిషి మలుపు దగ్గర కూడా వేగం తగ్గించదు. ఒకసారి చర్చి పాస్టరుగారు పక్కకి దూకి మంచుగుట్టలో పడ్డారు. ఈమె వెనక్కి తిరిగి, "ఈ వీధిలో కుడివైపు నడవాలండీ" అని చెప్పి వెళ్ళిపోయింది.

స్టాంపు పడ్డాక ఉత్తరానికి ఒక నంబరు వేసి, ఆ రోజు జాబితాలో రాసి, జాబితాను కిటికీ దగ్గర బల్ల మీద పెడుతుంది. ఇక అది ఊరందరిదీ. ఎవరైనా రావచ్చు, ఏ కాగితమైనా చదవచ్చు. వచ్చిన మనిషిని నీ పేరేమిటనీ ఇది నీకెందుకనీ అడగకూడదు. రాజుల నాటి నుంచీ ఉన్న చట్టం. మిగతావాళ్ళం ఆ చట్టాన్ని ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి చదివి ఊరుకున్నాం. గున్‌వోర్ అక్క మాత్రం దాన్ని తన పరువుగా పెట్టుకుంది. విడాకులిచ్చిన మొగుడు వచ్చి, ఆమె ఉంటున్న ఇంటి హద్దుల మ్యాపే అడిగితే కిక్కురుమనకుండా నకలు తీసి ఇచ్చింది. "అక్కా, కనీసం దేనికని అడగకపోయావా" అన్నాను.

"చట్టం ప్రకారం మ్యాపు ఇచ్చాను. కాఫీ ఇమ్మని చట్టంలో లేదు, ఇవ్వలేదు" అంది.

అలాంటి మనిషి మార్చి నెలలో ఒక సోమవారం ఆ ప్రశ్న అడిగేసింది. నా కళ్ళ ముందే.

వచ్చినతను నలభై ఏళ్ళవాడు. బూట్ల నిండా తడి మంచు. ఎక్కణ్ణుంచో దూరం నుంచి కారు తోలుకొచ్చినట్టున్నాడు. గ్రాన్‌బో వృద్ధాశ్రమం మీద ప్రభుత్వ తనిఖీవాళ్ళు ఇచ్చిన నివేదిక కావాలన్నాడు. అంటూ బల్ల అంచు పట్టుకున్నాడు. ఆ చెయ్యి వణుకుతోంది. గున్‌వోర్ అక్క ఫైలు తీయడానికి లేచింది, ఆ చెయ్యి చూసింది, మనసు కరిగిపోయింది.

"మీవాళ్ళెవరైనా అక్కడున్నారా బాబూ?" అంది.

అతని ముఖం ఎర్రగా కందిపోయింది. వెనక వరసలో ఉన్న ఇద్దరు మనుషుల వైపు చూశాడు. అందులో ఒకావిడ గ్రాన్‌బోలో వంట చేస్తుంది. "వద్దులెండి, పర్వాలేదు" అని గొణిగి తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. కారు స్టార్టయిన చప్పుడు కూడా విన్నాం.

గున్‌వోర్ అక్క కుర్చీలో కూలబడింది. "మార్గిత్, నేను అడిగేశానే" అంది. ఇన్నేళ్ళలో ఆ గొంతు అలా వినడం నాకు అదే మొదలు.

స్టాంపు కొట్టిన కాగితాలను ఆమె ఎప్పుడూ చదవదు, చదువుతూ కూర్చుంటే రేపటి టపా ఎల్లుండి తేలుతుందంటుంది. ఆ రోజు మాత్రం ఆ ఇరవై రెండు పేజీలూ చదివింది. చదివి, పద్నాలుగో పేజీ నా ముందు పెట్టి వేలితో చూపించింది. జనవరిలో ఒక రాత్రి, ఆశ్రమంలో ఒక్క నర్సే డ్యూటీలో ఉండగా, ఒక వృద్ధురాలి గదిలో పిలుపుగంట నలభై ఏడు నిమిషాలు మోగింది. ఎవరూ వెళ్ళలేదు. కింద ఆశ్రమం వారి సమాధానం ఉంది: గంట యంత్రం తప్పుగా నమోదు చేసి ఉండవచ్చునట.

నాకు కడుపు మండిపోయింది. ఎందుకంటే ఖర్చు తగ్గించాలని ఇప్పటికే కొన్ని రాత్రులు ఆపేసిన రెండో నర్సును రాత్రి డ్యూటీలోంచి శాశ్వతంగా తీసేయాలని మా సంక్షేమ కమిటీ ఆ శుక్రవారమే ఓటు వేయబోతోంది. కమిటీలో తొమ్మిది మంది. వాళ్ళ చేతిలో ఉన్నదల్లా మా కమిషనర్ హోల్గర్ రాసిచ్చిన ఒక్క పేజీ. అందులో "చిన్న చిన్న లోపాలు" అని ఉంది. జనం అభిప్రాయాలు రాసివ్వడానికి గడువు శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు.

"నువ్వే ఆ పేజీ కమిటీకి పంపెయ్యి అక్కా" అన్నాను.

"పంపుతాను. పంపితే ఏమంటారు? యంత్రం తప్పంటారు, అయిపోతుంది. యంత్రం తప్పు కాదని చెప్పగలిగే మనిషెవరైనా ఉంటే, ఇందాక చెయ్యి వణుకుతూ వచ్చినతనే అయ్యుండాలి. అతను తన పేరుతో రాసిస్తే సమావేశంలో పైకి చదివి తీరాలి. అలాంటివాణ్ణి నేను తరిమేశాను."

"అయితే వెతికి పట్టుకుందాం."

"ఎవరని వెతుకుతావే? పేరు అడగడమే తప్పయితే ఆరా తీయడం ఒప్పవుతుందా?"

అంటూనే ఒక కాగితం ముందుకు లాక్కుని రాయడం మొదలుపెట్టింది. తన మీద తానే ఫిర్యాదు. పార్లమెంటు అంబుడ్స్‌మన్‌కి. ప్రభుత్వ కార్యాలయాల తప్పులు పట్టడానికి పార్లమెంటు పెట్టుకున్న ఆ ఆఫీసు పేరు చెబితే మా కమిషనర్లకు అన్నం సహించదు. ఆమె ఫిర్యాదులో తేదీ, టైము, తను అన్న మాట అక్షరం పొల్లుపోకుండా రాసింది. అతను అడిగిన నివేదిక నంబరు కూడా వేసింది. సంగతి తెలిసి హోల్గర్ పరిగెత్తుకొచ్చాడు. ఒకప్పుడు వేసవి సెలవుల్లో ఈమె దగ్గర ఉత్తరాలు సర్దిన పిల్లాడే అతను.

"గున్‌వోర్ గారూ, మీ మీద మీరే ఫిర్యాదు చేసుకోవడమేమిటండీ? మంచిమాటగా అడిగారు, అంతేగా."

"మంచిమాటే హోల్గర్. ఆ మంచిమాటకే అతను పారిపోయాడు" అంది, ఆ కాగితాన్ని స్కాన్ చేసి కంప్యూటర్‌లో పంపే మీట నొక్కుతూ.

మంగళవారం పొద్దున్న నేను వచ్చేసరికి కిటికీ దగ్గర బల్ల లేదు. బయట బస్సులు ఆగే చోట, మైనస్ ఎనిమిది డిగ్రీల చలిలో, ఆ బల్లను వేసుకుని గున్‌వోర్ అక్క కూర్చుని ఉంది. మీద గొర్రెతోలు, పక్కన రెండు ఫ్లాస్కుల కాఫీ, ముందు ఆ రోజు జాబితా, నివేదిక నకళ్ళు నలభై. అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టింది: "మున్సిపాలిటీ టపా. ఎవరైనా చదవచ్చు. ఏమీ అడగం."

నాకు నవ్వాగలేదు, గర్వమూ ఆగలేదు. కోటు తగిలించుకుని వెళ్ళి పక్కన నిలబడ్డాను. మొదటి గంటలో వచ్చింది కాఫీ కోసం వచ్చినవాళ్ళే. తర్వాత బస్సు దిగిన నలుగురు తలా ఒక నకలు తీసుకున్నారు. ఆ నలుగురూ అక్కడే నిలబడి పద్నాలుగో పేజీ చదువుకున్నారు. వాళ్ళను చూసి ఇంకో పదిమంది. బేకరీ అమ్మాయి ఒక ట్రే నిండా మీగడ బన్నులు తెచ్చి పెట్టింది. మధ్యాహ్నానికి నకళ్ళు అయిపోతే లోపలికి పరిగెత్తి ఇంకో వంద తీసుకొచ్చాను. ఈ ఊళ్ళో ఇరవై ఏళ్ళుగా ఉంటున్నాను. ఇంతమంది ఒకేచోట నిలబడి ఒక ప్రభుత్వ కాగితం చదవడం ఎన్నడూ చూడలేదు.

"ఏమిటిది గున్‌వోర్ గారూ, లోపలికి రండి" అని హోల్గర్ మెట్ల మీంచి పిలిచాడు.

"టపా జనానికి చూపించమంది చట్టం. బల్ల ఎక్కడుండాలో చెప్పలేదు హోల్గర్. బన్ను తింటావా?"

అతను బన్ను తీసుకోలేదు, మేం మాత్రం తిన్నాం.

కానీ సాయంత్రం బల్ల సర్దుతూ ఆమె అడిగింది ఒక్కటే. "అతను వచ్చాడంటావా?" నాకు తెలియదు. గుంపులో అందరూ టోపీలు చెవుల దాకా లాక్కున్నవాళ్ళే.

బుధవారం పది గంటలకు బూడిదరంగు కోటు వేసుకున్న ఒకావిడ, కళ్ళద్దాల అబ్బాయి ఒకడు బల్ల దగ్గరకొచ్చారు. ఆవిడ ఈ రోజు టపా చూడొచ్చా అంది. గున్‌వోర్ అక్క జాబితా తిప్పి ఆమె ముందు పెట్టింది. అది చదివి, కమిటీకి కమిషనర్ పంపిన ఒక్క పేజీ కావాలంది. అదీ ఇచ్చింది. ఆవిడ ఒక చేత్తో ఒక్క పేజీ, ఇంకో చేత్తో ఇరవై రెండు పేజీలు పట్టుకుని మార్చి మార్చి చదువుతుంటే హోల్గర్ దూసుకొచ్చాడు. రెండు రోజులుగా అణుచుకున్న కోపమంతా అక్కడే కక్కాడు.

"మీరెవరండీ? ఏ పేపరు వాళ్ళు? ఇవి మీకెందుకు?"

గున్‌వోర్ అక్క కళ్ళు మూసుకుంది. నేను నోరెళ్ళబెట్టాను. ఆవిడ తాపీగా చిన్న పుస్తకం తీసి, గడియారం చూసుకుని, ఏదో రాసుకుంది. ఆ తర్వాత కార్డు చూపించింది.

"పార్లమెంటు అంబుడ్స్‌మన్ ఆఫీసు. పక్క ఊళ్ళో జైలు తనిఖీకి వచ్చాం. మీ దగ్గర నుంచి ఒక ఫిర్యాదు అందితే ఇటు వచ్చాం. ఇప్పుడు మీరు అడిగినట్టే అడిగారనే ఆ ఫిర్యాదు."

హోల్గర్ ముఖంలో నెత్తురుచుక్క లేదు. పాపం అనుకోవాలి గాని, నాకు గెంతులేయాలనిపించింది. వాళ్ళు మూడు గంటలు ఉన్నారు. ఇరవై రెండు పేజీలు ఒక పేజీ ఎలా అయిందని అడిగారు, ఎవరి మాట ప్రకారం అయిందని అడిగారు, జవాబులు రాసుకున్నారు. ఆ మధ్యాహ్నమే తొమ్మిది మంది సభ్యులకూ పూర్తి నివేదిక వెళ్ళింది. వెళ్ళేముందు ఆవిడ గున్‌వోర్ అక్క వైపు తిరిగింది.

"మీరు జాలితోనే అడిగారని అర్థమైంది. అయినా మీ మీద విమర్శ రాయక తప్పదు."

"రాయండమ్మా. రాయకపోతే ఇంకో ఫిర్యాదు పెడతాను" అంది గున్‌వోర్ అక్క. ఆవిడ నవ్వింది.

గురువారం సాయంత్రం కమిటీ అధ్యక్షురాలు లోకల్ రేడియోలో మాట్లాడింది. నివేదిక చదివామనీ, అయితే ఆ నలభై ఏడు నిమిషాలు యంత్రం లోపమే కావచ్చనీ అంది. గున్‌వోర్ అక్క రేడియో కట్టేసింది.

శుక్రవారం అభిప్రాయాలు వెల్లువెత్తాయి. పదకొండింటికి డెబ్బై మూడు. అన్నిటి మీదా స్టాంపు కొడుతూ, ప్రతి కవరుకీ తలెత్తి తలుపు వైపు చూస్తోంది. పదకొండున్నర. పావుతక్కువ పన్నెండు. నేను గోళ్ళు కొరుక్కుంటున్నాను. పన్నెండుకి ఎనిమిది నిమిషాలుండగా తలుపు తోసుకుని అతనొచ్చాడు. అవే బూట్లు.

గున్‌వోర్ అక్క పెదవులు బిగబట్టుకుంది. నోరు జారుతుందేమోనని భయం.

అతను కవరు బల్ల మీద పెట్టాడు. "మంగళవారం గుంపులో నేనూ ఉన్నానండీ. నకలు తీసుకున్నాను. అంతమంది చదువుతుంటే ఎవరు ఎవరి కోసం చదువుతున్నారో ఎవరికీ తెలియలేదు" అన్నాడు. తర్వాత వరసలో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా చెప్పాడు. "నా పేరు స్టెల్లాన్ ఓడ్‌మార్క్. గ్రాన్‌బోలో ఉన్నది మా అమ్మ హెడ్‌విగ్. ఆ రాత్రి నాకు ఫోన్ చేసింది. నలభై ఏడు నిమిషాలూ లైన్లోనే ఉన్నాను. నేను రెండువందల కిలోమీటర్ల దూరంలో ఉన్నాను. వెనకాల గంట మోగుతూనే ఉంది. యంత్రం తప్పు కాదు."

ఠప్‌మని స్టాంపు పడింది. పన్నెండుకి ఆరు నిమిషాలు. గున్‌వోర్ అక్క కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

రెండు గంటలకు సమావేశం. హాలు కిక్కిరిసింది. అధ్యక్షురాలు ఉత్తరాలు చదవడం మొదలుపెట్టింది. స్టెల్లాన్ ఉత్తరం నెమ్మదిగా చదివింది. చివరి రెండు వాక్యాలూ మళ్ళీ చదివింది: "ఆ రాత్రి తర్వాత మా అమ్మ గంట నొక్కడం మానేసింది. నొక్కి ఏం లాభమంటుంది."

గున్‌వోర్ అక్క నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే ఉంగరం వేలిలో గుచ్చుకుంది. ఇద్దరు నర్సులూ ఉండాలన్నవాళ్ళు చేతులెత్తండి అంది అధ్యక్షురాలు. ఒకటి, మూడు, ఆరు. చివరికి తొమ్మిదీ లేచాయి, ముందుగా లేచిన చేతుల్లో ఆమెదీ ఉంది. వెనక వరసల్లో జనం చప్పట్లు కొట్టారు, సమావేశాల్లో కొట్టకూడదు, అయినా కొట్టారు. గున్‌వోర్ అక్క లేచి నిలబడి మరీ కొట్టింది.

మేం బయటికొచ్చేసరికి స్టెల్లాన్ వరండాలో గోడకానుకుని ఫోన్లో మాట్లాడుతున్నాడు. మమ్మల్ని చూసి గొంతు తగ్గించలేదు.

"అమ్మా, వినబడుతోందా? ఇద్దరుంటారటమ్మా, ఇకమీదట రోజూ. నువ్వు నొక్కు. ఊరికే అయినా సరే, ఇప్పుడొకసారి నొక్కు, ఎవరొస్తారో చూద్దాం."

అతను ఫోన్ చెవికి ఆనించుకుని ఆగాడు. మేమూ ఆగిపోయాం. కాసేపటికి అతని ముఖం విప్పారింది.

"ఎవరమ్మా వచ్చింది?" అన్నాడు.