బోణీకి పోయిన అల్లిక

మా ఆయన చేతిలో ఉన్న తాడుకు ధర కట్టింది నేనే. ఆ తెలివి ఇంకెవరికీ రాలేదు. మా అపార్ట్‌మెంటులో ఆ ఏడాది ఉద్యోగాలు పోయిన మగవాళ్లు ఇంకా ఉన్నారు. ఒకాయన పొద్దస్తమానం టీవీ చూశాడు, ఇంకొకాయన షేర్లు కొని ఉన్నది కూడా పోగొట్టుకున్నాడు. వాళ్ల భార్యలు చూస్తూ ఊరుకున్నారు. నేను ఊరుకోలేదు. మనిషి తేరుకోవడానికి ఏది పట్టుకున్నాడో దాన్నే తీసుకెళ్లి అంగట్లో పెట్టాను, పెట్టుబడి నెల తిరక్కుండా వెనక్కి రాబట్టాను. ఇంత చురుగ్గా తప్పు చేసిన మనిషి గచ్చిబౌలి నుంచి తెల్లాపూర్ దాకా వెతికినా దొరకదు.

నేను పుట్టి పెరిగింది బోరబండలో, కిరాణా కొట్టు వెనక గదుల్లో. చిన్నాయనది గాజుల దుకాణం, మేనమామది చెప్పుల దుకాణం. మా ఇంట్లో పెళ్లిచూపులు కూడా బేరంలాగే మొదలై బేరంలాగే ముగిసేవి. ఇప్పుడు ఐటీ కంపెనీలకు క్యాంటీన్లు నడిపే ఒక సంస్థలో కొనుగోళ్లు చూస్తాను. అంటే ఉల్లిగడ్డల మీద అర్ధరూపాయి తగ్గించడానికి నాకు జీతమిస్తారు. జీతం లేకపోయినా తగ్గించేదాన్నే, ఆ సంగతి వాళ్లకు తెలియదు.

మా ఆయనది భీమవరం వైపు. తండ్రి ప్రభుత్వోద్యోగి. పెళ్లికి ముందు మా కొట్టు పైగదిలో కిరాయికి ఉండేవాడు. మొదటిసారి సామానుకు వచ్చినప్పుడు, లెక్క చూడకుండా మా అన్న అడిగినంతా ఇచ్చి "థాంక్సండి" అన్నాడు. ఈ మనిషిని ఊరి మీద ఒంటరిగా వదలకూడదని నాకు ఆ రోజే అనిపించింది.

ఒక పెద్ద కంపెనీలో పదకొండేళ్లు సాఫ్ట్‌వేర్ పరీక్షించే పని చేశాడు. ఎవరో రాసిన దాంట్లో తప్పులు వెతికి పట్టుకోవడమే ఉద్యోగం. ఒక శుక్రవారం కింది అంతస్తుకు టీకి దిగినప్పుడు ఫోనుకు వీడియో కాల్ వచ్చింది. కాల్ అయిపోయి పైకి వెళ్లబోతే ఆయన కార్డుకు గేటు తెరుచుకోలేదు. టిఫిన్ డబ్బా సీటు దగ్గరే ఉండిపోయింది. సెక్యూరిటీ మనిషి దాన్ని తెచ్చి గేటు మీదుగా అందించాడట.

అప్పటినుంచి మాట తగ్గిపోయింది. అడిగితే జవాబు చెప్పేవాడు. అన్నం పెట్టనా అంటే పెట్టు, చాలా అంటే చాలు. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, లాప్‌టాప్ ముందు కూర్చునేవాడు. దాన్ని తెరిచేవాడు కాదు. దవాఖానకు పోదామంటే వచ్చాడు. డాక్టరు మాత్రలు రాసి, చేతులకు ఏదైనా పని పెట్టుకోమన్నాడు. దారి పొడుగునా నేనొక్కదాన్నే మాట్లాడాను. ఎప్పుడూ నేనే ఎక్కువ మాట్లాడతాను, కానీ అప్పటిదాకా వినే మనిషి పక్కన ఉండేవాడు.

బాల్కనీలో మనీప్లాంట్ కుండీ గోడ మీదినుంచి పడి పగిలింది. కొత్త కుండీని వేలాడదీస్తానని ఆయన బట్టలారేసుకునే తాడు మిగులు ముక్క తీసి, ఫోనులో వీడియో పెట్టుకుని ముడులు వేయడం మొదలుపెట్టాడు. మాక్రమే అంటారట దాన్ని. నా కంటికి మాత్రం అది మా అమ్మమ్మ పెరుగు ముంత పెట్టుకునే ఉట్టే. చక్కగా కుదిరింది. కుండీ అందులో కూర్చుంది. మర్నాడు చూస్తే ఆయన దాన్ని దింపి విప్పుతున్నాడు.

"గంత మంచిగ అయినంక మళ్ల విప్పుతున్నరేంది?"

"మూడో వరసలో ఒక ముడి తిరగబడింది."

"నాకైతే కనిపిస్తలేదు."

"నీకు కనిపించదులే. ఇదిగో, ఈ ఎడం పోగు పైనుంచి రావాలి, కిందనుంచి వచ్చింది. ఒక్కటే కదా అనుకుంటాం. ఆ ఒక్కటీ మొత్తాన్ని పక్కకి లాగేస్తుంది. చూడు, కుండీ ఎలా ఒరిగిందో."

ఆయన నోట అన్ని మాటలు వరసగా వచ్చి ఎన్నాళ్లయిందో. నేను వంటింట్లోకి వెళ్లి పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. భోజనాల దగ్గర "ఉప్పెక్కువైంది" అన్నాడు. దానికీ సంతోషపడ్డాను.

సంతోషపడి ఊరుకుంటే సరిపోయేది. పక్క ఫ్లాటు ఆమె బాల్కనీలోంచి చూసి, "బాగుందండీ, ఎంతకు కొన్నారు?" అని అడిగింది. "ఆరువందలు" అన్నాను. ఆ మాట నేను అనలేదు, మా వంశం అన్నది. ఆమె మారు మాట్లాడకుండా తనకు రెండు కావాలంది.

ఆ వారమే బేగంబజార్ వెళ్లి నూలు తాడు కిలోల లెక్కన తెచ్చాను. దుకాణదారు తలపట్టుకున్నాడు.

"గా రేటు నాకే పడదక్కా. నీకెట్ల ఇయ్యాలె?"

"నీకు పడకపోతే యాడ పడతదో నాకు చెప్పు, ఇద్దరం పోయి తెచ్చుకుందం."

"దుకాణం పెట్టినవా అక్కా నువ్వు?"

"పెట్టలే. దుకాణంలనే పుట్టిన."

అతను నవ్వి తగ్గించాడు. మూటలతో ఇంటికి వస్తుంటే నా అంత సమర్థురాలు లేదనిపించింది.

తెల్లాపూర్‌లో ఒక పెద్ద గేటెడ్ కమ్యూనిటీ వాళ్లు ఆదివారాలు క్లబ్‌హౌస్ ముందు బల్లలు వేసుకోనిస్తారు, బల్లకింతని కిరాయి. నేను అమ్మేదాన్ని. ఆయన వెనక కుర్చీలో కూర్చుని అల్లేవాడు. "ఆన్‌లైన్లో ఇంతకన్నా తక్కువకే వస్తున్నాయండీ" అని ఎవరైనా అంటే, "వస్తయమ్మా. అవి మిషన్ మీద చేసినయి. ఇవి మనిషి చేసినయి, ఆ కూసున్నాయనే" అని చూపించేదాన్ని. మా ఆయన మొహమాటంగా నవ్వేవాడు. ఆ నవ్వుకు ఒక్కో ఉట్టి మీద యాభై రూపాయలు ఎక్కువ పలికేది. దాన్ని కూడా వదల్లేదు నేను.

ఆర్డర్లు పెరిగాయి. నార్సింగిలో ఒక ఇంటి గృహప్రవేశానికి ఒకే కొలతలో డజను ఉట్లు కావాలన్నారు. ఆ సంగతి చెబితే ఆయన తలెత్తి, "డెలివరీ ఎప్పటికి?" అని అడిగాడు. ఆ గొంతు నాకు తెలుసు. పదకొండేళ్లు ఇంట్లో ఫోను కాల్స్‌లో విన్న గొంతు అది. ఉద్యోగం చేసే మనిషి తిరిగొచ్చాడని మురిసిపోయాను.

ఆర్డర్ల పని అయ్యాక ఆయన ఇంకొకటి అల్లేవాడు. తలుపంత వెడల్పున్న పెద్ద అల్లిక. పువ్వూ లేదు, ఆకూ లేదు. ఒకచోట ముడులు చీమల బారులా దట్టంగా, ఇంకొకచోట ఏమీ లేకుండా పోగులు మాత్రం. ఏందిది అంటే "తెలీదు, చూద్దాం" అనేవాడు. కొంత అల్లి, నచ్చక విప్పి, మళ్లీ అల్లేవాడు. అది చేతిలో ఉన్నప్పుడే నాతో మాట్లాడేవాడు, నా వైపు చూడకుండా, ముడులు చూసుకుంటూ. గేటు తెరుచుకోని రోజు గురించి, డబ్బా పట్టుకుని బస్‌స్టాప్‌లో కూర్చున్న సంగతి, అటు వస్తున్న తెలిసినవాళ్లను చూసి డబ్బాను వీపు వెనక దాచుకున్న సంగతి. నేను కూరగాయలు తరుగుతూ వినేదాన్ని. మధ్యలో నోరెత్తకుండా వినడం జీవితంలో మొదటిసారి నేర్చుకుంటున్నాను.

ఒక శనివారం సాయంత్రం అలాగే అల్లుతూ అన్నాడు. "నాకంటే ముందు, మా టీములో ఇద్దర్ని తీసేశారు కదా. ఆ పేర్లు నాచేతే రాయించారు."

ఆయన ఇంకో ముడి బిగించాడు.

"వాళ్లలో ఒకతని భార్య... సరేలే. రేపు చెప్తాను."

మర్నాడు ఆదివారం. పెద్ద అల్లికను కర్రతో సహా తీసుకెళ్లి, ఖాళీ దొరికితే అల్లుకుంటానని స్టాల్లోనే ఒక స్టాండుకు వేలాడదీశాడు. మిగిలిన సంచులు తేవడానికి పార్కింగుకు వెళ్లాడు.

ఇక్కడ మా వాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. కొట్టు తెరవగానే వచ్చిన మొదటి మనిషి బోణీ మనిషి. ఆ మనిషి ఉత్తచేతులతో వెనక్కి పోతే ఆ పూటంతా పోయినట్టే. బోణీ కానిదే మా నాన్న టీ కూడా ముట్టడు. సరుకు లేకపోతే పక్క దుకాణంలోంచి తెప్పించైనా ఇస్తాడు, నష్టానికైనా ఇస్తాడు. "బోణీ మనిషిని మలపొద్దు బిడ్డా" అని నాకు కూడికలు రాకముందే నేర్పాడు.

ఆ పొద్దున మొదట వచ్చింది వాకింగ్ బూట్లు వేసుకున్న ఒకామె. అక్కడి విల్లాల్లో ఉంటుంది. నేరుగా పెద్ద అల్లిక దగ్గర ఆగింది.

"ఇదెంతండీ?"

"అది అమ్మేది కాదమ్మా, ఇంకా అవుతున్నది. ఇటు రండి, ఇవి చూడండి."

"అవి ఎక్కడైనా దొరుకుతాయి కదండీ. నాకు ఇదే బాగుంది." నవ్వి, వెళ్లడానికి తిరిగింది.

బోణీ మనిషి తిరిగిపోతున్నది. నా నోరు నాకంటే ముందు పరుగెత్తింది. "ఒక్క నిమిషం ఆగుండ్రి అమ్మా!"

ఏడువేలన్నాను. మూడన్నది. పోవడానికి తిరిగింది, పిలిచాను. మళ్లీ తిరిగింది, మళ్లీ పిలిచాను. చెప్పకపోతే అబద్ధమవుతుంది, ఆ బేరం నాకు హాయిగా ఉంది. సరిజోడు దొరికింది ఇన్నాళ్లకు. నాలుగువేల ఐదువందల దగ్గర కుదిరింది.

"కింద ఈ పోగులు వేలాడుతున్నాయి కదా?"

"సమానంగ కత్తిరించిస్తనమ్మా." కత్తెర తీసి అల్లాల్సిన పోగులన్నీ ఒకే గీతలో కత్తిరించాను. ఆమె స్కాన్ చేసింది. ఫోనులో డబ్బు పడిన చప్పుడు రాగానే, మా నాన్న నోటును కళ్లకద్దుకున్నట్టు నేను ఫోనును కళ్లకద్దుకున్నాను.

ఆయన రెండు సంచులతో వచ్చాడు. ఖాళీ స్టాండు చూశాడు. నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను.

"బోణీ అయింది! పెద్దదే పోయింది!"

"మంచి రేటొచ్చిందా?"

"నాలుగువేల ఐదొందలు."

"ఊఁ. బావుంది."

వంగి, కింద పడిన పోగుల ముక్కలు ఏరి చెత్త సంచిలో వేశాడు. కుర్చీలో కూర్చుని ఒక ఆర్డరు ఉట్టి చేతిలోకి తీసుకున్నాడు. ఆ రోజు అమ్మకాలు బాగా జరిగాయి. సాయంత్రం బండి మీద వస్తూ, "నిన్న ఏందో చెప్తనన్నరు గదా" అని అడిగాను. "ఏం లేదులే" అన్నాడు.

ఒప్పుకున్న ఆర్డర్లన్నీ చెప్పిన రోజుకే పూర్తి చేశాడు. ఒక్క ముడి తప్పలేదు. ఆ తర్వాత మిగిలిన తాడును చుట్టలు చుట్టి అలమరా పైన పెట్టేశాడు. మర్నాడు పొద్దున ఇస్త్రీ చొక్కాతో హాల్లో కూర్చుని ఉన్నాడు.

కొన్ని రోజులు ఓపిక పట్టి అడిగాను.

"ఆమె ఇల్లు నాకెరుకే. పొయ్యి తెస్త. ఎంతడిగితే గంత ఇస్త, బేరం కూడ జెయ్య."

"వద్దు. ఆవిడ సరదాపడి కొనుక్కుంది. నువ్వు మంచి ధరే చెప్పావు. అందులో తప్పేముంది?"

"మరి గిట్లుంటరేంది?"

"ఎలా ఉన్నాను?"

ఎదుటి మనిషి ఒక ధరంటూ చెబితే దాన్ని ఎటు తిప్పాలో నాకు తెలుసు. అసలు ధరే చెప్పని మనిషి ముందు నా విద్య ఏదీ పనికిరాలేదు.

తర్వాత ఆయనకు నార్సింగిలో ఒక చిన్న కంపెనీలో పని దొరికింది. జీతం తక్కువ, ఇంటికి దగ్గర. మా వాళ్లందరూ మనిషి కుదురుకున్నాడన్నారు. పొద్దున వెళతాడు, సాయంత్రం వస్తాడు, అడిగినదానికి జవాబు చెబుతాడు. ఆ ఇద్దరి సంగతి, అందులో ఒకతని భార్య ఏమన్నదో లేక ఏం చేసిందో, నేను ఇప్పటికీ వినలేదు. రెండుసార్లు ఆయన ముందు కూరగాయలు తరుగుతూ కూర్చుని చూశాను. ఆయన చేతులు ఖాళీగా ఒళ్లో ఉన్నాయి.

స్టాలు మూసేశాక లెక్క తేల్చాలి కదా. ఒక సెలవు రోజు ఆయన పేపరు చదువుకుంటుంటే ఎదురుగా కూర్చున్నాను.

"మీకు కూలి పట్టలే నేను. ఎంత పట్టాలె?"

పేపరు దించాడు. "మీ నాన్నగారి కొట్లో మనిషికి ఎంతిస్తున్నారు?"

"దినాం నాలుగొందలు."

"అంతే వెయ్యి. ఆర్డర్లు చేసిన రోజులకి వెయ్యి. ఆ పెద్దదానికి మాత్రం వెయ్యకు. అది నేను పనిగా చెయ్యలేదు."

అలాగే వేశాను. మొత్తం అమ్మకం అరవై ఒక్కవేల నాలుగువందలు. తాడు, కర్రలు, రింగులు ఇరవై రెండువేల మూడువందలు. బల్ల కిరాయి, పెట్రోలు పదకొండువేల ఆరువందలు. ఇన్నాళ్లూ నలుగురికీ లాభమని చెప్పుకున్నది ఇరవై ఏడువేల ఐదువందలు. అందులోంచి పెద్ద అల్లిక మీద వచ్చిన నాలుగువేల ఐదువందలు తీసేశాను. పనిగా చేయనిదాన్ని సరుకు కింద రాసుకోకూడదు. దానికైన తాడు ఖర్చు మాత్రం నా మీదే ఉంచుకున్నాను. మిగిలింది ఇరవై మూడువేలు. ఆయన కూలి ఎనభై రోజులకు ముప్పై రెండువేలు.

నష్టం తొమ్మిదివేలు.