మా పడవకు స్పాన్సరు

"పడవ నడిపే ఆడపిల్లలకు సిమెంటు కంపెనీ ఎందుకివ్వాలమ్మా?" అని అడిగాడు నేను వెళ్లిన మొదటి ఆఫీసులో మేనేజరు. నిజమే, ఎందుకివ్వాలి? దానికి మంచి జవాబే ఉంది. అయితే అది నాకు తిరుగు బస్సులో తట్టింది. నాకు జవాబులన్నీ బస్సెక్కాకే తడతాయి.

తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజులవి. మా యూనివర్సిటీ గేటు దగ్గర పోలీసు వ్యాన్లు కాపురం పెట్టేశాయి. పరీక్షలు వాయిదా మీద వాయిదా పడుతున్నాయి. గాలి మా వైపు తిరిగిన రోజు బాష్పవాయువు ఘాటు తార్నాకలో మా బాల్కనీ దాకా వచ్చేది, అమ్మ ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చేసేది. అలాంటి రోజుల్లో మాకు అమ్మాయిల రోయింగ్ జట్టొకటి ఉండేదంటే ఇప్పుడెవరూ నమ్మరు. పొద్దున్నే హుస్సేన్‌సాగర్ మీద, అద్దె పడవలో, ముక్కు మూసుకోవాలనిపించే నీళ్ల మీద సాధన చేసేవాళ్లం. నలుగురు తెడ్లు వేస్తారు, ఒకరు చుక్కాని పట్టి కేకలేస్తూ దారి చెబుతారు. ఆ ఒక్కరూ నేనే. మనిషి పొట్టి, గొంతు పెద్దది, ఆ పనికి ఇంకేం అక్కర్లేదు.

తెడ్డు వేసేవాళ్లు పడవ వెళ్లే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటారు. ముందు ఏముందో వాళ్లకు కనబడదు. చివర్లో కూర్చున్న నాకొక్కదానికే కనబడుతుంది. అందుకని పడవలో ఉన్నంతసేపూ నా మాటే వాళ్లకు కళ్లు. కుడి అంటే కుడి, ఆపండి అంటే ఆపడం. ఒడ్డుకొచ్చాక మాత్రం వాళ్లు నలుగురు, నేను ఒకదాన్ని. నలుగురూ లేడీస్ హాస్టల్లో ఒకే వరండాలో ఉండేవాళ్లు. జనగామ, సిద్దిపేట, నల్గొండ వైపు రైతుల పిల్లలు. వాళ్ల అన్నం ఒకటి, సబ్బు ఒకటి, నినాదాలు ఒకటి. అందరం ఒకే బస్సులో వచ్చేవాళ్లం. విద్యానగర్లో వాళ్లు దిగిపోతే అక్కణ్ణుంచి తార్నాక దాకా సీటంతా నాదే. ఆ ఖాళీ సీటంటే నాకు గిట్టేది కాదు.

మా నాన్న బ్యాంకు ఉద్యోగం మీద తెనాలి పక్కనుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. నేను పుట్టిందీ పెరిగిందీ తార్నాకలోనే. అయినా నోరు తెరిస్తే ఇంట్లో భాషే వచ్చేది. నేను "ఏమిటి" అంటే చాలు, పడవలో నాకెదురుగా కూర్చునే జనగామ పిల్ల పకపకా నవ్వేది. "టీవీల సీరియల్ లెక్క మాట్లాడ్తవేందే! జర మనిషి లెక్క మాట్లాడు" అనేది. ఆ నవ్వులో విషం లేదు. నేనూ నవ్వేదాన్ని. ఇంటికొచ్చి అద్దం ముందు "ఏంది" అని పదిసార్లు అనుకుని చూసేదాన్ని. ఎంత అన్నా అరువు తెచ్చుకున్న చీరలాగే ఉండేది.

ఆ ఏడు పోటీలు చండీగఢ్‌లో. ఈ గొడవల్లో ఆటలకు నిధుల్లేవని యూనివర్సిటీ చేతులెత్తేసింది. రైలు ఖర్చు, అక్కడ పడవ అద్దె, యూనిఫాం, అన్నీ మేమే చూసుకోవాలి. ఏదైనా కంపెనీని పట్టుకుంటే బనియన్ల మీద వాళ్ల పేరు వేసుకోవచ్చని మా కోచ్ అన్నారు. "నేను తిరుగుతాను" అని అందరికంటే ముందు నేనే చెయ్యెత్తాను. పతకం మీద ఆశతో కాదు. ఆ నలుగురికీ నేనేదైనా తెచ్చిపెడితే, ఒడ్డు మీద కూడా ఐదుగురం అవుతామని నా ఆశ. ఇప్పుడు చెప్పుకోవడానికి చిన్నతనంగా ఉన్నా, అప్పుడు నాకు కావలసింది అదొక్కటే.

ఇస్త్రీ చేసిన చుడీదార్ వేసుకుని, జట్టు ఫొటో ఉన్న ఫైలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాను. రిసెప్షన్ సోఫాలన్నీ ఒక్కలాగే ఉంటాయి, కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. సార్ మీటింగ్‌లో ఉంటారు. సార్ మీటింగ్‌లోంచి భోజనానికి, భోజనం నుంచి ఇంకో మీటింగ్‌కు వెళతారు. షాంపూ కంపెనీ ఆవిడ మా ఫొటో చూసి, "ఎండలో జుట్టు పాడైపోదూ?" అని జాలిపడి శాంపిల్ పొట్లాలిచ్చి పంపింది. మా తార్నాకలోనే ఉన్న కోచింగ్ సెంటరాయన, ర్యాంకు వచ్చినవాళ్ల ఫొటోలే మా గోడ మీద వేస్తామమ్మా అన్నాడు. అన్నింటికంటే నన్ను కుదేలు చేసింది ఒక టైల్స్ షోరూం. యూనివర్సిటీ నుంచి వచ్చానని చెప్పగానే ఓనరు లేచి నిలబడ్డాడు. నేను ఫైలు తెరిచేలోపే జేబులోంచి నోట్లు తీసి, "ఇది ఉంచండమ్మా. బంద్ రోజు మా అద్దాల జోలికి మాత్రం రాకండి" అని రెండు చేతులూ జోడించాడు. పొట్టిదాన్ని, ఫైలు తప్ప చేతిలో ఏమీ లేనిదాన్ని. నన్ను చూసి ఒక మనిషి భయపడడం అదే మొదటిసారి. డబ్బు తీసుకోకుండా బయటికొచ్చి, బస్టాపులో నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడ్డాను. ఇలాంటివి జరిగినప్పుడు చెప్పుకుని నవ్వుకోవడానికి పక్కన ఇంకొకరుండాలి. నా పక్కన ఎవరూ లేరు. వాళ్లు నలుగురూ ఆ రోజు ధర్నాలో ఉన్నారు.

చివరికి హబ్సిగూడ వైపు ఒక మోటార్ల కంపెనీకి వెళ్లాను. బోర్లకూ బావులకూ వేసే మోటార్లు. ఓనరుగారు పెద్దాయన, నుదుటన కుంకుమ బొట్టు, ఎదురుగా ఉప్మా ప్లేటు. ఫైలు వంక చూడనే లేదు.

"మీదేవూరమ్మా?"

"తార్నాకండి."

"అది సరేలే. అసలు ఊరు?"

ఆంధ్రా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్లు కలిస్తే రెండో ప్రశ్న ఎప్పుడూ అదే. పెళ్లి భోజనాల్లో, ఆసుపత్రి వరండాల్లో, ఎక్కడైనా సరే. చిన్నప్పటి నుంచీ అలవాటైన జవాబు నోటికొచ్చేసింది. నాన్నగారిది తెనాలి పక్కన అని చెప్పి ఊరి పేరు చెప్పాను. పెద్దాయన ముఖం విప్పారింది.

"ఓరి! మన పిల్లవేనా? మరి ఆ మాట ముందే చెప్పవేం? అబ్బాయ్, అమ్మాయికి కాఫీ పట్రా!"

ఆ ఊళ్లో వాళ్ల మేనత్తగారిల్లు ఎక్కడుండేదో, కాలవగట్టు మీద మామిడికాయలెలా కోసేవారో చెప్పుకొచ్చారు. ఆ కాలవ నేను సరిగ్గా చూసింది కూడా లేదు. తల ఊపుతూ కూర్చున్నాను. కాఫీ అయ్యేసరికి మా ఖర్చంతా ఆయన భరించడం ఖాయమైపోయింది. సాగర్ దగ్గరికి తనే వచ్చి చెక్కు ఇస్తానన్నారు, ఫొటో కూడా తీయిద్దామన్నారు. ఆ రోజు తిరుగు బస్సులో నాకు ఏ జవాబూ తట్టలేదు, అవసరం లేదు కాబట్టి.

పెద్దాయన వచ్చిన పొద్దున ఎండ బాగా కాసింది. నలుగురూ తలలు నున్నగా దువ్వుకుని, కంపెనీ బ్యానరు పట్టుకుని నిలబడ్డారు. జనగామ పిల్ల బ్యానరు మీద బొమ్మ చూసి, "గిది మా బాయిల మోటరే!" అని ఎగిరి గంతేసింది. ఫొటో అయింది. చెక్కు నా చేతికిస్తూ ఆయన నా తల మీద చెయ్యేశారు.

"మీ ముఖం చూసి కాదర్రా" అన్నారు వాళ్లతో, నవ్వుతూనే. "మన తెనాలి పిల్ల వచ్చి అడిగింది, కాదనలేకపోయాను. మా అమ్మాయిని జాగ్రత్తగా చూసుకోండి. మీ గొడవల్లో మాత్రం తిప్పకండేం!"

ఆయన ఆ మాటలు ప్రేమగానే అన్నారు, దాంతోనే వచ్చింది చిక్కు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేవాళ్లం. కారు కదిలాక నలుగురూ బ్యానరు మడతపెట్టేశారు. ఆ రోజు సాధనలో నా ప్రతి కేకా వాళ్లు విన్నారు, ప్రతి తెడ్డూ ఒకేసారి పడింది. నా ముఖం మీదకి మాత్రం ఎవరూ కళ్లెత్తలేదు.

ఎప్పుడూ విద్యానగర్లో దిగే వాళ్లు ఆ రోజు నాతో తార్నాక దాకా వచ్చారు. జంక్షన్లో చాయ్ హోటలు ముందు నిలబడ్డాం. జనగామ పిల్ల చాయ్ ముట్టలేదు.

"కోపం తెచ్చుకోకు. గా చెక్కు వాపస్ ఇచ్చెయ్" అంది.

"ఎందుకు?"

"మా బాయిల మోటరు నాయిన పైసలు వెట్టి కొన్నడు. ఊకె ఎవ్వడియ్యలే. గిప్పుడు నీ మొకం జూసి మాకిస్తడా గాయిన? మేం ఆటగాళ్లం గాదా? మా మొకాలు మొకాలు గావా?"

నాకు ఒళ్లు మండింది. ఎన్ని సోఫాల్లో కూర్చున్నానో, ఎందరి మీటింగులు అయ్యేదాకా కాచుకున్నానో వీళ్లకేం తెలుసు? "ఆయనేదో అన్నాడు. నేనన్నానా?" అని గొంతు పెంచాను. "ఊరడిగితే చెప్పాను. నన్నేం చెయ్యమంటావ్? దాచుకోమంటావా?"

"దాచుకోమని ఎవరన్నరే? నీ తప్పేం లేదు." ఆమె గొంతు మెత్తబడింది. "నీకేం గాదు. గా పైసలు మాకొద్దు, గంతే."

నీకు, మాకు. మాట్లాడుతున్నంతసేపూ నేను లెక్కపెట్టింది ఆ రెండు ముక్కలనే. చాయ్ డబ్బులు కూడా వాళ్లే ఇచ్చేశారు.

చెక్కు తిరిగివ్వడానికి ఒక్కదాన్నే వెళ్లాను. పెద్దాయన నొచ్చుకున్నారు. "నేనేమన్నానమ్మా అంత కానిమాట?" అని అడిగారు. ఏమని చెప్పను? ఆయన లెక్కలో ఆయనా నేనూ ఒకటి, వాళ్ల లెక్కలో వాళ్లు నలుగురూ ఒకటి. ఏ బల్ల ముందు కూర్చున్నా నేను పక్క బల్ల మనిషినే. "వాళ్లతో నీకెందుకమ్మా ఈ తిప్పలు? హాయిగా చదువుకోక" అంటూ గుమ్మం దాకా వచ్చి సాగనంపారు. ఇంట్లో నాన్న కూడా ఇంచుమించు ఆ మాటే అన్నారు. నేను అన్నం కలిపి వదిలేశాను.

జట్టులో నన్ను ఉంచుతారో లేదోనని భయం పట్టుకుంది. చుక్కాని పట్టడానికి నా అంత తేలికైన పిల్లలు హాస్టల్లో బోలెడుమంది. మర్నాడు సాధన లేదన్నారు. ఆ తర్వాతి రోజు కూడా లేదు. ఉండబట్టలేక ఆ సాయంత్రం హాస్టల్‌కే వెళ్లాను. క్యాంపస్ రోడ్డంతా ముళ్లకంచెలు, ఎండిన ఆకులు. ఎదురొచ్చిన పోలీసాయన "ఎటు?" అంటే గుర్తింపు కార్డు చూపించాను.

వరండాలో ఆ నలుగురూ ఒక పూలపూల దుప్పటి పరిచి పట్టుకుని, గది గదికీ తిరుగుతున్నారు. ఆ హాస్టల్లో అది మామూలే. ఎవరినైనా అరెస్టు చేస్తే వకీలుకో, ఊరేగింపుకు బస్సు మాట్లాడడానికో, ఫీజు కట్టలేని పిల్లకో, ఇలాగే దుప్పటి పట్టేవాళ్లు. ఈసారి చండీగఢ్ రైలుకు. తలుపు తెరుచుకోగానే "మన పడవకు!" అని నలుగురూ ఒక్కసారిగా అరుస్తున్నారు. లోపలివాళ్లు నవ్వుకుంటూ నలిగిన నోట్లూ చిల్లరా వేస్తున్నారు. ఒక పిల్ల దగ్గర ఏమీ లేక కొత్త సాక్సుల జత వేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఎన్ని ఆఫీసులు తిరిగినా నాకు దొరకనిది, ఆ దుప్పట్లో ఎంత తేలిగ్గా పడుతోందో చూస్తూ నిలబడ్డాను.

జనగామ పిల్ల నన్ను చూసి నవ్వింది. "అచ్చినవా! సోమారం నుంచి ప్రాక్టీసు. నువ్వు లేకుంటే పడవ తొవ్వ తప్పుతదే, జల్ది రా మల్ల."

నన్ను తీసెయ్యలేదు. గబగబా బ్యాగు తెరిచి, నాన్న ఖర్చులకని ఇచ్చిన నోటు తీసి దుప్పటి మీదికి చెయ్యి చాపాను. దుప్పటి కొంచెం వెనక్కి జరిగింది.

"నీది వద్దులే" అంది ఆమె. "నువ్వు ఇప్పటికే మస్తు తిరిగినవ్. బస్సు కిరాయిలకే శానా అయినయి. గిది మేం జూస్కుంటం."

ఆ మాట నా మీద ప్రేమతోనే అంది. అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. కోపంతో అని ఉంటే దెబ్బలాడి అయినా ఆ నోటు అందులో పడేసేదాన్ని. ప్రేమతో కాబట్టి చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. చండీగఢ్‌కు ఆ వరండాలో ప్రతి గది డబ్బుతోనూ వెళ్లాను, నా డబ్బు తప్ప.

వాళ్లు దుప్పటి సర్దుకుని ముందుకు కదిలారు. ఒక కొసనైనా పట్టుకుందామని చూశాను. నాలుగు కొసలూ నలుగురి చేతుల్లో ఉన్నాయి. నోటు మడిచి బ్యాగులో వేసుకుని, వాళ్ల వెనకే తర్వాతి గది దాకా నడిచాను.