బిళ్ళల మీద సాంపి

మా వాకిట్లో గడప మెట్టుకు ఎదురుగా ఒక పేవర్ బిళ్ళ రెండేళ్ళకు పైగా కదులుతూ ఉండింది. దాన్ని బాగు చేయించకపోవడానికి నేను ఇంట్లో చెప్పిన కారణాలన్నీ అబద్ధాలే. మేస్త్రీ దొరకడం లేదన్నాను. ఎండలు తగ్గనీ అన్నాను. ఎండలు తగ్గాక వానలు తగ్గనీ అన్నాను. నాతో వాదనకు దిగితే ఏమవుతుందో పాతికేళ్ళుగా తెలిసిన మా ఆయన, "నీ ఇష్టమే" అని ఆ బిళ్ళను తప్పించి బండి తీసేవాడు.

అసలు కారణం వేరే. ఆ బిళ్ళ మీదే మా అత్త పడింది. తుంటి ఎముక విరిగి, మూడు నెలలు మంచంలో ఉండి, పోయింది. ఆ బిళ్ళ ఎందుకు వదులైందో నాకు తెలుసని నేను పదిమందిలో చెప్పి ఉన్నాను.

ఆ బిళ్ళలు రాకముందు మాది మట్టి వాకిలి. అత్త రోజూ తెల్లవారుజామున ఊడ్చి, పెండ కలిపిన నీళ్ళతో సాంపి చల్లి, ముగ్గు వేసేది. వానొస్తే బురద, ఎండొస్తే దుమ్ము. తొమ్మిదేళ్ళ కింద నేనే పట్టుబట్టి వాకిలంతా సిమెంటు బిళ్ళలు పరిపించాను. ఇక ఈ పెండ గోల వదిలిందనుకున్నాను. మర్నాడు ఐదు గంటలకు లేచి చూస్తే, కొత్త బిళ్ళల మీద ఆకుపచ్చటి నీళ్ళు పారుతున్నాయి. బకీటు పట్టుకుని అత్త నిలబడి ఉంది.

"అత్తా, గివి రాళ్ళు. దుమ్మేడ లేస్తది గీటి మీద?"

"దుమ్ము కోసమని నీకెవడు చెప్పిండు? సాంపి లేని వాకిలి పీనుగ లేచిన ఇల్లు లెక్కుంటది."

"మా ఆఫీసోళ్ళు ఇంటికొస్తే పెండ వాసనకు ముక్కు మూసుకుంటున్రు."

"మూసుకోనియ్. నువ్వు నోరు మూసుకుంటే సాలు."

డిగ్రీ చదివినదాన్ని, ఊరుకుంటానా? పరిచిన మేస్త్రీ నాకు చెప్పిందంతా ఆమెకు వివరించాను. ఈ బిళ్ళలను సిమెంటుతో అతికించరు. కింద రాతి డస్టు పరిచి దిమ్మిస కొట్టి గట్టిచేసి, దాని మీద పేరుస్తారు. సందుల్లో సన్న ఇసుక ఊడ్చి నింపుతారు. ఆ ఇసుకే ఒకదాన్నొకటి కదలకుండా పట్టి ఉంచుతుంది. రోజూ బకీటెడు నీళ్ళు కొట్టి, కట్టె చీపురుతో బరబరా ఊడిస్తే ఇసుక నిలుస్తుందా? అత్త అంతా విని, "గింత కతనా" అని చీపురు అందుకుంది.

ప్రతి దసరాకు నేను ఒక సంచి సన్న ఇసుక తెప్పించి సందులన్నీ నింపేదాన్ని. దీపావళికల్లా ఆమె ఊడ్చిపారేసేది. ఖాళీ అయిన సందుల్లో పాకుడు పట్టేది. ఆదివారాలు పీట వేసుకుని కూర్చుని పాత స్క్రూడ్రైవరుతో ఆ పాకుడు గీరుతూ, ఆమెకు వినబడేంత గట్టిగా తిట్టుకునేదాన్ని. ఆమె లోపలి నుంచి, "జర పక్క సందు గూడ గీరు బిడ్డా, అది ఇడిసిపెట్టినవ్" అనేది.

అలాంటప్పుడే మెట్టు ముందరి బిళ్ళ కదలడం మొదలైంది. కాలు పెడితే టక్ మనేది.

"మేస్త్రీని పిలిపియ్యే, కాలు జారుతున్నది" అంది అత్త.

"ముందుగాల నీ సాంపి బంద్ పెట్టు. గప్పుడు పిలిపిస్త."

ఆ వానాకాలమంతా ఇదే మాట. నేను పట్టు వదల్లేదు, ఆమె బకీటు వదల్లేదు. ఒక పొద్దున నేను మిషన్‌లో బట్టలు వేసి స్నానానికి పోయాను. బకీటు దొర్లిన చప్పుడు వినిపించింది. తడి చీరతో బయటికి పరుగెత్తితే, ఆమె బిళ్ళల మీద ఒక పక్కకు పడి ఉంది. ఒళ్ళంతా పెండనీళ్ళు. నొప్పని అనలేదు. "ముగ్గెయ్యి బిడ్డా, తెల్లారుతున్నది, ఎవలన్న చూస్తరు" అంది.

ఆమె పోయిన పదో రోజున చుట్టాలంతా వచ్చారు. మా చిన్నత్త, అంటే పోయినామె చెల్లెలు, అన్నాల దగ్గర అందరి ముందూ అడిగింది, అక్క ఎట్ల పడ్డదని. నేను తడుముకోలేదు. "ఎన్నిసార్లు మొత్తుకున్న, సాంపి చల్లకు చల్లకు అని. ఆ నీళ్ళే బిళ్ళ కింద తిన్నయ్" అన్నాను. అల్లాదుర్గ్ నుంచి వచ్చిన మా ఆడబిడ్డ, అత్త ఒక్కగానొక్క కూతురు, వడ్డిస్తున్న గంటె అలాగే పట్టుకుని తల దించుకుంది. ఆ తర్వాత ఆమె తన ఇంటి ముందు సాంపి మానేసిందని ఎవరో చెప్పారు. నా మాట ఒక్కరన్నా విన్నారని అప్పుడు లోలోపల సంతోషించాను కూడా. రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ సంతోషించాను.

ఆ చప్పుడు అప్పటి నుంచే మొదలైంది.

పొద్దున ఐదున్నరకు వంటింట్లో ఉంటే వాకిట్లోంచి టక్ మని వినిపించేది. ఒక్కసారే. ఎవరో మెట్టు దిగబోతూ ఒక కాలు ఆ బిళ్ళ మీద పెట్టి ఆగినట్టు. రెండో అడుగు పడేది కాదు. తలుపు తీసి చూస్తే కుక్క లేదు, పిల్లి లేదు. గేటుకు గొళ్ళెం వేసినట్టే ఉండేది. ఎండిన వాకిలి, ముగ్గు లేని వాకిలి. దయ్యాల సంగతి ఎవరెత్తినా వాళ్ళ నోరు మూయించేదాకా నిద్రపోని దాన్ని నేను. అలాంటిదాన్ని ఒకరోజు గడపలో నిలబడి, "ఏంది?" అని పైకే అడిగాను. అడిగాక నా గొంతుకు నేనే ఉలిక్కిపడ్డాను. నేను ఆలస్యంగా లేచే ఆదివారాల్లో చప్పుడుండేది కాదు. ఆమె ఆదివారం వదిలిపెడుతుందని అనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నాను.

ఈ ఏడు మొదటి వానలకే మెట్టు ముందు కుంగి, నీళ్ళు గడప దాటి లోపలికి వచ్చాయి. ఇక చెప్పడానికి అబద్ధం మిగల్లేదు. మా ఆయన మేస్త్రీని మాట్లాడి డ్యూటీకి పోయాడు. నేను సెలవు పెట్టాను. ఎందుకు పెట్టానంటే, ఆ బిళ్ళ లేపేటప్పుడు ఇంకెవరూ చూడకూడదని.

మేస్త్రీ నా వయసువాడే. ఉలితో సందు గీరి బిళ్ళను లేపాడు. కింద డస్టు లేదు, మట్టి లేదు. చెయ్యి పెడితే మోచేతి దాకా దిగింది.

"గింత బొక్క ఎట్ల పడ్డదమ్మా?"

"సాంపి నీళ్ళు. మా అత్త ఏడేండ్లు చల్లింది."

అతను లోపలికి తొంగి చూసి, చుట్టూ ఉన్న బిళ్ళలను మడమతో తన్ని చూశాడు. "సాంపి పైపైన సందుల ఇసుకనే తీస్తదమ్మా. కడుపులున్నదాన్ని తియ్యది. గీ పక్కయి జూడుండ్రి, ఎంత గట్టిగున్నయో. గీటి మీద చల్లలేదా ఆమె?"

"నీళ్ళన్నీ పారొచ్చి ఈడనే ఆగుతయ్ గద!"

"వాలు గేటు దిక్కున్నది. మీకు భయపడి మీ ఇంట్లోళ్ళు మీ మాట ఇంటరేమో గని, నీళ్ళు వాలు మాటనే ఇంటయ్."

ఇంకోసారైతే ఆ మాటకు అతన్ని వదిలేదాన్ని కాదు. కానీ అతను అప్పటికే గుంత అంచున పారతో తవ్వుతున్నాడు. జానెడు లోతులో తెల్లటి పైపు కనబడింది. అతుకు దగ్గర ఊడి, రెండు ముక్కలు ఎడమొహం పెడమొహంగా ఉన్నాయి.

"గిదెక్కడిదమ్మా?"

నాకు తెలుసు. అత్త పడడానికి ఏడాది ముందు నేనే పెట్టించాను, ఇంటి పక్కసందులో ఉన్న బట్టల మిషన్ నీళ్ళు మోరీలోకి పోవడానికి. గోడ వెంబడి తిప్పి తీసుకుపోతానని ప్లంబర్ అంటే, అన్ని వంకర్లెందుకు, బిళ్ళల కింద నుంచి నేరుగా తియ్యమని వాదించి గెలిచాను. కింద దిమ్మిస కొట్టకుండానే బిళ్ళలు తిరిగి పేర్చి, అరపూటలో పని ముగించి పోయాడు. చూశావా, చదువుకున్నవాళ్ళు చెబితే పనెంత తొందరగా అవుతుందో అని అత్తతో అన్నాను కూడా.

"ఒకసారి మిషన్ నడిపియ్యుండ్రి" అన్నాడు మేస్త్రీ.

అతను బిళ్ళను గుంత మీద ఊరికే పెట్టి నిలబడ్డాడు. మిషన్ నీళ్ళు వదిలింది. కింద బుసబుస మని నీళ్ళు తోసుకొచ్చాయి. బిళ్ళ ఒక పక్క వెంట్రుకవాసి లేచి, కూర్చుంది. టక్.

నేను మిషన్ ఆపి వచ్చి మెట్టు మీద కూర్చున్నాను. ఆదివారాలు తప్ప రోజూ ఐదున్నరకు మిషన్ పెట్టేది నేను. ఆమె పడ్డ పొద్దున కూడా పెట్టింది నేనే.

"ఏమైందమ్మా? నీళ్ళు తాగుతరా?"

"ఏం లే. నువ్వు కానియ్."

అతను పైపు అతికించి, బురదంతా తోడి, కంకర వేసి పొరపొరకూ దిమ్మిస కొట్టాడు. దాని మీద డస్టు వేసి, దారం కట్టి మట్టం చూసి, బిళ్ళను ఒక నూలువాసి ఎత్తుగా పెట్టాడు, తొక్కగా తొక్కగా దిగుతుందట. రబ్బరు సుత్తెతో కొట్టి సందుల్లో ఇసుక ఊడ్చాడు. పోతూ, "సాంపి చల్లుకోండ్రి, ఏం గాదు. ఏడాదికొకసారి ఇసుక ఊకుతె సాలు" అన్నాడు.

సాయంత్రం మా ఆయనకు అంతా చెప్పాను. "అమ్మ ఎట్లాగూ రాదు. ఎవలకు చెప్పకు" అన్నాడు. చెప్పి తీరతానని నేను వాదించాను. ఓడిపోవడం కోసం వాదించడం నాకు అదే మొదటిసారి.

ఆడబిడ్డకు ఫోన్ చేశాను.

"వదినె! బాగున్నరా? అన్న మంచిగున్నడా?"

"మంచిగనే ఉన్నం. ఇను, బిళ్ళ లేపిచ్చిన. కింద నా మిషన్ పైపు ఊడిపోయున్నది. నేను పెట్టిచ్చిన పైపు. సాంపి నీళ్ళు కావు. అమ్మ తప్పేం లేదు."

ఆమె ఏదో అనేలోపు మళ్ళీ నేనే అన్నాను.

"తిట్టు. ఏమంటవో అను, పడ్త."

"నిన్నేం తిట్టాలె వదినె? రెండేండ్ల సంది అమ్మనే తిట్టుకుంటున్న. అన్నం తినేటప్పుడు, పండుకునేటప్పుడు. మొండిదానివి, నీ చేతుల నువ్వే సచ్చినవని." ఆమె గొంతు పెరగలేదు. "నేను మనసుల అన్న. నువ్వు పదిమందిల అన్నవు. పదిమందిలనే చెప్పు."

నేను సరేనని ఫోన్ పెట్టేశాను. ఒక కాగితం తీసుకుని, ఆ రోజు అన్నాల దగ్గర ఎవరెవరు కూర్చున్నారో గుర్తు చేసుకుంటూ రాశాను. ఒక్కరినీ మరిచిపోలేదు. ముందు చిన్నత్తకే ఫోన్ కలిపాను.

"ఆదివారం అందరు రాండ్రి, అన్నం మా ఇంట్ల" అన్నాను.

"ఏం కార్యమే?" అంది.

"కార్యం లేదు. నువ్వొక మాట అడిగినవ్ గద, అక్క ఎట్ల పడ్డదని. ఆదివారం చెప్త."

"గది అప్పుడే చెప్పినవ్ గదనే."

"తప్పు చెప్పిన" అన్నాను.