మాస్టారి దగ్గరే ఉండిపోయిన దరఖాస్తు

చిన్నప్పటి మా సైన్సు మాస్టారు పోయారని సోమవారం నేను పాఠాలు చెప్పే బడికి వచ్చాక తెలిసింది. పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించుకుంటున్నాను. మధ్యలో ఆపలేక చివరిదాకా విన్నాను.

కొల్లేటి లంకలో చేపలు పట్టే ఇంట్లో పుట్టి, ఏలూరు హైస్కూలుకు వచ్చిన మొదటిదాన్ని నేను. బుడగలు లేచిన చోట చేప ఉంటుందని మావాళ్ళ నమ్మకం. వల వేస్తే చాలాసార్లు నల్ల బురదే వచ్చేది. ఎందుకని క్లాసులో అడిగాను. అందరూ నవ్వారు. మాస్టారు నవ్వలేదు, సుద్దముక్క నా చేతికిచ్చారు. "అడిగినవాళ్ళే బొమ్మ వెయ్యాలి" అనేవారు. మీలో ఆయన దగ్గర చదివినవాళ్ళుంటే గుర్తుండే ఉంటుంది.

ఆ ఆదివారం ఆయన మా దోనె ఎక్కారు. గెడతో బురద కదిపి, నీళ్ళు నింపి బోర్లించిన సీసాలోకి బుడగలు పట్టారు. అగ్గిపుల్ల చూపిస్తే నీలంగా మండింది.

"చేపల్ని పడతారనుకుంటే మంటను పట్టారేంటండీ" అన్నాడు నాన్న. మాస్టారు దోనె ఊగేలా నవ్వారు.

"అడుగున ఆక్సిజన్ అందదమ్మా. అక్కడి బాక్టీరియాకి అది అక్కర్లేదు. కుళ్ళిన నాచును కొన్ని పులియబెట్టి శక్తి తీసుకుంటాయి. అవి వదిలేసినదాంతో ఇంకొన్ని ఈ గ్యాసు తయారుచేస్తూ బతుకుతాయి. మనకొచ్చినంత శక్తి రాదు, అయినా బతుకుతాయి."

ఆ రోజే సైన్సు చదవాలనుకున్నాను. ఇంటర్మీడియట్‌కు దరఖాస్తు నింపి ఆయన చేతికే ఇచ్చాను. మా ఇంట్లో ఆ పని తెలిసినవాళ్ళు లేరు.

"పంపానమ్మా, కబురొస్తుంది" అన్నారు, రెండుసార్లు.

గడువు దాటాక కాలేజీకి వెళ్ళి అడిగితే అసలు అందలేదన్నారు. ఇంటికొచ్చి నాన్నను నిలదీశాను.

"మాస్టారే వద్దన్నారమ్మా. అంతమంది మగపిల్లల మధ్య ల్యాబులో ఒక్కత్తీ ఏం నిలబడుద్ది, టీచరు ట్రైనింగు సాలన్నారు. సదూకున్నోరు, నేనేం అంటాను?"

ఆ మాట నాతోనే అని ఉంటే వాదించేదాన్ని. వాదించడం నేర్పింది ఆయనే. మళ్ళీ ఆయన గడప తొక్కలేదు.

సోమవారం సాయంత్రం తొక్కాను. ఆయన భార్య నన్ను గుర్తుపట్టారు.

"కొల్లేటి అమ్మాయివి కదూ? నీకు సైన్సులో సీటొచ్చిందని అందరికీ చెప్పుకునేవారమ్మా."

రాలేదండీ అనబోయాను. ఏడ్చి ఏడ్చి ఆవిడ కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"కాలేజీలో సైన్సు చదివిన పిల్లండీ" అని ఆవిడ చాప మీదున్న ఆడవాళ్ళతో చెప్పారు. వాళ్ళు మర్యాదగా జరిగి చోటిచ్చారు. కాళ్ళు ముడుచుకుని అక్కడ కూర్చున్నాను.