కాలవకు చల్లిన పసుపు

మంగతాయారు మిల్లుకి ఆఫీసరు వస్తున్నాడంటే దారిన పోయేవాళ్లకి కూడా ముందురోజే తెలిసిపోయేది. ఎలాగంటారా? వాసన ఆగిపోయేది.

తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు వెళ్లే రోడ్డు పక్కనున్న ఉప్పుడు బియ్యం మిల్లు అది. ధాన్యాన్ని వేడినీళ్లలో నానేసి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఆడితే ఉప్పుడు బియ్యం. ఆ నానేసిన నీళ్లున్నాయి చూశారూ, వాటితోనే వచ్చింది చిక్కంతా. తొట్టెల్లోంచి వదలగానే పచ్చగా, నురగ కట్టి, పులిసిన కుడితి కంపు కొడుతూ మిల్లు వెనక కాలవలోకి పోయేవి. ఆ కాలవ ఊళ్లూ చేలూ దాటుకుని పోయి పోయి కొల్లేట్లో కలుస్తుంది. బస్సులో కునికే వాళ్లు కూడా అక్కడికి రాగానే లేచి ముక్కు మూసుకునేవారు.

ఆఫీసరు వచ్చే రోజున మాత్రం తొట్టెలు వదలడం ఉండేది కాదు. తొట్టెల దగ్గర పనిచేసే ఏలీయా ముందురోజే బోరు మోటారు వేసి, కాలవని చీపురుపెట్టి తోమి, తేటనీళ్లు పారించేవాడు. ఆఖర్న మంగతాయారే బకెట్టుడు పసుపు నీళ్లు తెచ్చి, కాలవ పొడుగునా పెళ్లివారింటి గడపకి చల్లినట్టు చల్లేది. అది ఆవిడ మామగారి నాటి ఆచారం. బాయిలరాఫీసరు గానివ్వండి, లేబరాఫీసరు గానివ్వండి, అందరికీ అదే మర్యాద: పసుపు కాలవ, జీడిపప్పు ఉప్మా, చిక్కటి కాఫీ. వచ్చినాయన తిని, మూతి తుడుచుకుని, "భలే శుభ్రంగా ఉంచారండీ" అని సంతకం పెట్టి వెళ్లేవాడు. శుభ్రంగా ఉండక చస్తుందా!

ఆవిడ పుట్టింటివారిది ద్వారకా తిరుమల. కొండ కింద తండ్రికి కొబ్బరికాయలూ పసుపు కుంకుమలూ అమ్మే కొట్టుండేది. నిగనిగలాడే కాయలు పైవరసలో, వాడిపోయినవి కిందివరసలో సర్దడం ఊహ తెలిసినప్పటి నుంచీ ఆవిడ పని. తప్పేముందండీ, కొట్టన్నాక ఎక్కడైనా అంతే. గూడెం కోడలై వచ్చాక, భర్త కృష్ణమూర్తి గుండెపోటుతో హఠాత్తుగా పోతే, మరుదులు వచ్చి కూర్చున్నారు. మగదిక్కు లేని మిల్లు నడవదు, లీజుకిచ్చెయ్యమన్నారు. "మిల్లుకి కావాల్సింది ధాన్యమూ కరెంటూనండీ, మీసాలు కావు" అని కాఫీ ఇచ్చి పంపేసింది. ఆ రోజు నుంచీ మిల్లే ఆవిడకి కాపురం.

కొల్లేట్లో అక్రమంగా వేసిన చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసిన మరుసటేడు, దాని చూపు కొల్లేటికొచ్చే కాలవల మీద పడింది. మిల్లుకి నోటీసొచ్చింది. నీళ్లు శుద్ధిచేసి వదలాలి, వేసవిలో కోసే దాళ్వా పంట మిల్లుకి చేరేలోగా ఏర్పాటు జరగాలి, లేకపోతే మిల్లు మూసేస్తారు. నోటీసు ఇంగ్లీషులో ఉంది. తెలుగులో చెప్పించుకున్నా ఇంగ్లీషులాగే ఉంది. ఏ గుంట తవ్వాలో, ఎంత లోతు తవ్వాలో అందులో ముక్క లేదు. మిల్లు మూతపడితే తన సంగతి సరే, దాన్ని నమ్ముకున్న కూలీలంతా ఏమైపోతారు? కుడితిలో పడ్డ ఎలకలా కొట్టుకుంది మంగతాయారు.

అప్పుడు ఎవరో చెప్పారు, ఇలాంటివి విడమరిచి చెప్పడానికి ఏలూరులో ప్రభుత్వమే సలహా కేంద్రం తెరిచిందని. వెళ్లింది. ఒక గది, ఒక ఫ్యాను, బల్లమీద తెలుగులో అచ్చేసిన చిన్న పుస్తకాలు, వాటి వెనక ఒక చిన్నపిల్ల. మిషన్ స్కూలు టీచరు గారి అమ్మాయట, పేరు ప్రసన్నకుమారి, ఇంజనీరు. అంతవరకూ ఆ గది మెట్లెక్కిన మిల్లువాళ్లు లేరు. తలుపు చప్పుడైతే ఆ పిల్ల ఉలిక్కిపడి లేచి నిలబడింది.

"నోటీసులిచ్చేవాళ్లు వేరండీ, మేం వేరు. ఏం చెయ్యాలో చెప్పడమే మా పని. మిల్లుకొచ్చి నీళ్లు పట్టుకెళ్లి పరీక్ష చేయిస్తాం. అవి ఎంత మురికిగా ఉన్నాయో తేలితే, ఎంతెంత గుంటలు కావాలో గీసిస్తాం" అంది.

"మరి అక్కడ మీరు చూసినదీ..." అని నసిగింది మంగతాయారు.

"మీ మిల్లులో చూసింది మీకు వ్యతిరేకంగా ఎక్కడా చెప్పం, రాయం. నా మాట నమ్మండి."

మంగతాయారు తల ఊపింది. తిరుగు బస్సులో మాత్రం తనలో తానే నవ్వుకుంది. గవర్నమెంటోళ్లు వచ్చి, చూసి, ఊరికే పోతారా! నేనేమన్నా పాలు తాగే పిల్లనా?

ప్రసన్నకుమారి వస్తానన్న ముందురోజు ఏలీయా వచ్చి నిలబడ్డాడు. "ఈవిడ సాయం చెయ్యడానికొస్తన్నారంట కదండీ అమ్మగారూ. కాలవ కడగాలంటారా?"

"ఆఫీసరు ఆఫీసరేనయ్యా. పెళ్లిచూపుల్లో పిల్ల నడక చూపిస్తాం గానీ, వీపుమీద పుట్టుమచ్చలు చూపిస్తామా? కడుగు."

కడిగాడు. ఆవిడ పసుపు చల్లింది. మర్నాడు ప్రసన్నకుమారి కాలవ గట్టున గొంతుక్కూచుని, డబ్బా ముంచి, వెలుతురుకెత్తి చూసింది. ఇంజనీరింగు చదువులో ఉప్పుడు మిల్లు నీళ్లంటే ఎలా ఉంటాయని చెప్పారో, ఇవి అలా లేవు.

"ఇంత తేటగా ఉన్నాయేంటండీ? మిల్లు నడిచే రోజునా ఇలాగే ఉంటాయా?"

"ఆయ్. ఇలాగేనండీ."

"నిజంగానాండీ?"

"నిజంగానే మేడం గారండీ. ఉప్మా చల్లారిపోతోంది, రండి."

పరీక్షయింది. నీళ్లలో పెద్ద మురికి లేదని తేలింది. దానికి తగ్గట్టే మూడు బుల్లి గుంటలు గీసి, కింద సంతకం పెట్టి పంపింది ప్రసన్నకుమారి. ఒకదాంట్లో మడ్డి దిగాలి, రెండోదాంట్లో సున్నం కలవాలి, మూడోదాంట్లో గాలి ఆడాలి. మంగతాయారు సంబరపడిపోయింది. నోటీసు గండం ఇంత చులాగ్గా గట్టెక్కుతుందని తను అనుకోలేదు. ఆ గీసినది గీసినట్టే, అంగుళం తేడా లేకుండా కట్టించింది.

దాళ్వా ధాన్యం లారీల్లో దిగింది. తొట్టెలన్నీ నిండాయి. అసలు నీళ్లు ఆ బుల్లి గుంటల్లో పడ్డాయి. వారం తిరక్కుండా మొదటి గుంట నల్లబడి బుడగలేసింది. రెండోది పొర్లింది. మూడోదాని మాట చెప్పక్కర్లేదు. అంతకుముందు ఏ రోజు నీళ్లు ఆ రోజు పోయేవి, ఇప్పుడు కుళ్లి మరీ పోతున్నాయి. ఆ కంపుకి మిల్లు కుక్క కూడా రోడ్డవతలికి మకాం మార్చింది.

ఏలీయా భార్య హన్నమ్మ ఆ కాలవ దిగువనే చేపలు పట్టి అమ్ముకునేది. ఒక పొద్దున బుట్ట తెచ్చి మిల్లు ఆఫీసు మెట్టుమీద దించి, మూత తీసింది. తెల్లబడ్డ కళ్లతో కొరమీనులు, జెల్లలు. మంగతాయారు చటుక్కున ముఖం తిప్పుకుని కొంగు ముక్కుకడ్డం పెట్టుకుంది. పుట్టి బుద్ధెరిగి చేపని దగ్గర్నుంచి చూసింది లేదు ఆవిడ.

"అవతల పెట్టవే హన్నమ్మా! నాకెందుకు చూపిస్తావు?"

"ఎవరికి చూపించమంటారండీ అమ్మగారూ? కాలవ నిండా తేలినియ్యండి. ఇయ్యి అమ్మలేను, వండుకోలేను" అంది హన్నమ్మ. దెబ్బలాడలేదు. బుట్ట నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ పూట మంగతాయారుకి అన్నం సయించలేదు.

చేపలు చచ్చిన కబురు పైకి పోయింది. ఈశ్వరప్రసాద్ అనే పై ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడని ఫోనొచ్చింది. భయంతో మంగతాయారు మళ్లీ అలవాటైన పనే చేసింది. తొట్టెలు ఆపించింది, కాలవ కడిగించింది, పసుపు చల్లింది. గుంటల్ని మాత్రం ఏం చేస్తుంది?

జీపు దిగిన ఈశ్వరప్రసాద్ తిన్నగా గుంటల దగ్గరికే నడిచాడు. వెనకాలే ప్రసన్నకుమారి. పిల్ల ముఖం పీక్కుపోయి ఉంది.

"ఇవి గీసింది మీరేనా?" అన్నాడాయన.

ప్రసన్నకుమారి గుంటలు దాటి కాలవ దగ్గరికి నడిచింది. కాలవ గట్టున కూచుని, సిమెంటు అంచుమీద వేలితో రాసింది. వేలికి పచ్చగా అంటుకుంది. ఆ వేలినీ, నిండిపోయిన నల్ల గుంటల్నీ, తేటగా పారుతున్న కాలవనీ చూసింది. ఆ తర్వాత మంగతాయారు ముఖంలోకి చూసింది. మంగతాయారు చూపు తప్పించుకుంది. అయిపోయింది, పిల్లకి తెలిసిపోయింది. ఇక చెప్పేస్తుంది.

ప్రసన్నకుమారి లేచి, పసుపంటిన వేలు కనపడకుండా పిడికిలి ముడుచుకుంది.

"నేనేనండి. నా అంచనా తప్పయింది."

"ఇంత తప్పా? చదువుకున్నారా లేదా? అందుకే పైన ఈ సలహా కేంద్రాలు దండగంటున్నారు. నా రిపోర్టులో రాస్తాను, మూసి పారేస్తే పీడా పోతుంది." ఆయన మంగతాయారు వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఇందులో మీ తప్పేం లేదమ్మా. వాళ్లు గీసిచ్చినట్టే కట్టారు. మిల్లు మూయించనులెండి, గడువిప్పిస్తాను."

మిల్లు నిలబడింది! దండం పెట్టి, టిఫినుకి లేవండి అంటే చాలు. మంగతాయారుకి ఒక్క క్షణం ఒళ్లంతా తేలికపడింది. ఆ మరుక్షణమే పిల్ల పిడికిలి కనపడింది. ఎక్కడా చెప్పం అంది ఆ రోజు. ఇప్పుడు ఉద్యోగం మీదికొచ్చినా చెప్పలేదు. మాటంటే ఇంత మాటా! పాలు తాగే పిల్లనా అని ఆ మాటకే కదూ తను బస్సులో నవ్వుకుంది? మంగతాయారుకి సిగ్గుతో తల నేలకి వాలిపోయింది. ఈ సిగ్గు మోసుకుంటూ రేపటి నుంచి ఆ మిల్లులో ఎలా కూచోడం?

ఆఫీసరు జీపు వైపు కదిలాడు.

"ఆగండి బాబూ," అంది మంగతాయారు. తొట్టెల వైపు తిరిగింది. "ఏలీయా! తొట్టెలు వదులు."

ఏలీయా నోరు తెరిచాడు. "ఇప్పుడాండీ? ఆఫీసరు గారుండగానా?"

"ఆయనుండగానే. అన్నీ వదిలెయ్యి."

వదిలాడు. గుంటల మీంచి పొర్లి, పసుపు చల్లిన కాలవలోకి అసలు నీళ్లు హోరుమంటూ వచ్చిపడ్డాయి. నురగ గట్టుదాకా లేచింది. గుప్పున కొట్టిన కంపుకి ఈశ్వరప్రసాద్ జేబురుమాలు ముక్కుకడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కేశాడు.

"ఇవండీ మా మిల్లు నీళ్లు. ఆ రోజు ఈ అమ్మాయికి చూపించినవి బోరు నీళ్లు. నడిచే రోజునా ఇలాగే ఉంటాయా అని రెండుసార్లు అడిగింది పాపం. రెండుసార్లూ అబద్ధమాడాను. రోగం దాచి మందడిగితే వైద్యుడేం చేస్తాడండీ? గుంటలు చిన్నవయింది నా వల్ల. ఆ పిల్లమీద రాశారంటే ఆ పాపం నాది."

"ఈ మాట నా ఎదురుగా అన్నాక సీలు వెయ్యక తప్పదమ్మా. తెలిసే అంటున్నారా?"

"తెలిసేనండీ. తాళంకప్ప నేనే తెప్పిస్తాను, ఉండండి."

ఆయన జేబులోంచి కలం తీశాడు. ఈలోగా ప్రసన్నకుమారి పరుగున వెళ్లి జీపులోంచి డబ్బా తెచ్చింది. ఆ కంపులోనే, ఆ నురగలోనే గొంతుక్కూచుని డబ్బా ముంచింది. "ఆపకు ఏలీయా, ఆపకు. నాక్కావాల్సింది ఈ నీళ్లే" అంటోంది. ఆ పిల్ల కళ్లు తడిగా ఉన్నాయి, కంపుకి కాదు.

మిల్లుకి సీలు పడింది. ఆ దాళ్వా ధాన్యం పక్క మిల్లులకి పోయింది. మరుదులు మళ్లీ వచ్చి, ఎవడైనా నోటితో మిల్లు మూసుకుంటాడా అని మందలించారు. ఈసారి వాళ్లకి కాఫీ కూడా దక్కలేదు. ఏలీయా, మిగతా కూలీలూ మిల్లు పని లేని ఆ రోజులన్నీ మిల్లు వెనకే కొత్త గుంటలకి కూలికి మట్టి తవ్వారు. మంగతాయారు ఎండలో గొడుగేసుకుని పక్కనే కూచుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఎవరైనా దెప్పితే, "నేను కాలు కాదండీ, కాలవే కడిగాను" అని తనే ముందు నవ్వేసేది.

అసలు నీళ్లు పరీక్ష చేయించి ప్రసన్నకుమారి గీసిచ్చిన ఆ గుంటలు పాతవాటికి ఎన్నో రెట్లు. ఏడాది చివర్న సార్వా ధాన్యం వచ్చేసరికి సీలు తీశారు. ఏలూరు గదిలో ఇప్పుడు ప్రసన్నకుమారికి తీరిక లేదు. చుట్టుపక్కల మిల్లువాళ్లు ఒక్కొక్కరే, మిల్లు నడిచే రోజునే రమ్మని అడగడానికి వస్తున్నారు.

తొట్టెలు నిండుగా ఉన్న ఒక ఉదయం ఆ పిల్ల చెప్పాపెట్టకుండా వచ్చింది. జీపు చప్పుడుకి ఏలీయా పాత అలవాటున బోరు వైపు పరిగెట్టాడు.

"ఎక్కడికయ్యా? వచ్చి కూచో" అని కసిరింది మంగతాయారు. ఈసారి డబ్బా ముంచి ఎత్తింది తనే. "చూడమ్మాయ్, బాగానే ఉన్నట్టేనా?"

"ఇంకా కాస్త పచ్చగానే ఉన్నాయండీ."

"పసుపు కాదే తల్లీ, ఒట్టు! అవి మా నీళ్లే."

ఇద్దరూ పగలబడి నవ్వారు. అప్పుడే కాలవ దిగువ నుంచి బుట్ట నెత్తిన పెట్టుకుని హన్నమ్మ వస్తోంది. అమ్మగారు ఎదురుపడేసరికి, పాపం, చేపల బుట్ట చాటు చేసుకుంటూ పక్కకి తప్పుకోబోయింది.

"హన్నమ్మా, ఇలా రా. బతికున్నాయా?"

"ఆయ్. బతికే ఉన్నాయండీ."

"ఏదీ, మూత తియ్యి. చూస్తాను."

హన్నమ్మ అనుమానంగానే బుట్ట దించి మూత తీసింది. కొరమీను ఒకటి ఎగిరి పడింది. నీళ్లు మంగతాయారు గంజిపెట్టిన చీరమీద చింది చుక్కలు చుక్కలుగా పడ్డాయి. ఆవిడ ముఖం తిప్పుకోలేదు. మోకాళ్లమీద చేతులానించి వంగి, అది మళ్లీ ఎగిరేదాకా చూస్తూ నిలబడింది.