నాలుగు వందల గుర్రాలు, ఒక హీటరు

బెజవాడలో జట్కా ఎక్కినప్పుడు ఉన్న ఒక్క గుర్రానికే భయపడి కమ్మీ గట్టిగా పట్టుకుని కూర్చునేవాణ్ణి. అలాంటి నేను 1983 ఆగస్టులో ఒక శనివారం ఉదయం అయిదింటికి, మిషిగన్‌లోని ట్రాయ్‌లో, నాలుగు వందల గుర్రాల బండి ఎక్కాను. పట్టుకోవడానికి కమ్మీ కూడా లేదు.

బండి వాల్ట్‌ది. మా ఆఫీసు వర్క్‌షాపులో ముప్ఫయ్యేళ్ళుగా మెషినిస్టు. వాళ్ళ నాన్న 1950లో కొన్న రెండు తలుపుల కూపే కారు అది. ఆయన పోతూ దాన్ని కొడుకులిద్దరి పేరా రాశాడు. వాల్ట్ తొమ్మిదేళ్ళు కూర్చుని దాని పైకప్పు నాలుగంగుళాలు దించాడు, కుంకుమ రంగు వేశాడు, పాత ఇంజన్ తీసేసి నాలుగు వందల గుర్రాల బలమున్న పెద్ద వి-ఎయిట్ పెట్టాడు. టెనెసీలో ఉండే అన్న ఎర్ల్‌కి ఇదేమీ నచ్చలేదు. "నాన్న కారుని పాడుచేశావు. శనివారం సాయంత్రం ఆరింటికల్లా, ఎవరూ తొయ్యకుండా, లాగకుండా నా వాకిట్లోకి తీసుకురా. నా సగం నీకు రాసిచ్చేస్తా. రాలేకపోతే అమ్మేద్దాం" అన్నాడట ఫోన్‌లో.

ఈ అన్నదమ్ముల మధ్య నేనెందుకంటే, అదే ఆఫీసులో నాది ఇంజన్లని చల్లబరిచే రేడియేటర్ల లెక్కలు వేసే ఉద్యోగం. ఈ కారు రేడియేటర్ లెక్కా నేనే వేసి సంతకం పెట్టాను. సంతకం పెట్టినవాడు మొదటి ప్రయాణంలో పక్కన కూర్చోవాలని వర్క్‌షాపు ఆచారం. కాగితం మీద తప్పు చేసినవాడు రోడ్డు మీద నడవాలని దాని అంతరార్థం. "మీకు స్కూటర్ స్టార్ట్ చెయ్యడం కూడా రాదు కదండీ" అంటూనే మా ఆవిడ సరళ పులిహోర కట్టిచ్చింది.

కారు తయారీలో నేను పట్టుబట్టింది ఒక్క హీటర్ విషయంలోనే. బరువు తగ్గించాలని వాల్ట్ దాన్ని పీకెయ్యబోయాడు. అక్టోబరులోనే మంకీ క్యాప్ దించుకునే నేను వద్దన్నాను. "ఎండాకాలంలో తప్ప బయటికి తియ్యని కారు ఇది, రావ్" అన్నాడు. అయినా ఉంచాడు. వర్క్‌షాపు మాత్రం వారం రోజులు నవ్వుకుంది.

ఆరున్నరకి టొలీడో దాటాం. వేగం యాభై అయిదు మించకూడదని చట్టం కాబట్టి గుర్రాల్లో మూడు వందలు నిద్రపోతూనే వచ్చాయి. అయినా మేత మాత్రం అన్నీ తిన్నాయి. నూరు మైళ్ళకోసారి పెట్రోలు. డేటన్ దగ్గర బంకులో ఒక పెద్దావిడ కారు చుట్టూ తిరిగి, "మైలేజీ ఎంతిస్తుంది?" అని అడిగింది.

"మెల్లగా అడగండమ్మా, దానికి వినబడుతుంది" అన్నాడు వాల్ట్.

పదకొండుంబావుకి సిన్సినాటి. నది దాటాక నీడ చూసుకుని పులిహోర తిన్నాం. వాల్ట్ రెండుసార్లు పెట్టించుకుని మిరపకాయలు మర్యాదగా పక్కన పెట్టాడు. ఒకటిన్నరకి కెంటకీలో లెక్సింగ్టన్ దాటి పెట్రోలు కోసం ఆగాం. అక్కడొచ్చింది చిక్కు. ఇంజన్ ఆపితే మళ్ళీ స్టార్ట్ కాలేదు. ఎండ వేడికి పెట్రోలు కార్బురేటర్‌లోనే ఆవిరైపోతోంది. చల్లారడానికి ముప్పావుగంట పట్టింది. వాల్ట్ వాచీ చూసుకుంటూ కారు చుట్టూ ప్రదక్షిణలు చేశాడు.

టెనెసీ సరిహద్దులో కొండ ఎక్కేసరికి నాలుగున్నర. లారీలు పాకుతున్నాయి, రోడ్డు పక్కన రెండు కార్లు మూతలు తెరుచుకుని పొగలు కక్కుతున్నాయి. మా ఇంజన్ వేడి చూపే ముల్లు మాత్రం నూట తొంభై ఫారెన్‌హీట్ దగ్గర కదల్లేదు. నేను పెట్టిన సంతకం ఎంత అందమైనదో అప్పుడే గమనించాను.

హైవే దిగి ఎర్ల్ ఉండే ఊళ్ళోకి వచ్చాం. అయిదూ ముప్ఫయ్యైదుకి, ఆ ఇంటికి రెండు వందల గజాల దూరంలో, రైల్వే గేటు పడింది. బొగ్గు రైలు, నడక మాత్రం పెళ్ళి ఊరేగింపుది. పెట్టెల సందుల్లోంచి అవతల వరండాలో కుర్చీ, అందులో ఒక తెల్లజుట్టు మనిషి తళుక్కుమంటున్నాడు.

"ఎర్ల్" అన్నాడు వాల్ట్.

నేను ముల్లు వైపు చూశాను. రెండు వందల పది. ఇరవై. ముప్ఫై.

అప్పుడు తెలిసింది నేను చేసిన పని. ముందునుంచి గాలి కొడుతూనే ఉంటుందనుకుని లెక్కంతా వేశాను. నలుగురూ చూడాలని మెల్లగా తిప్పుకునే బండికి, ఎక్కడా ఆగని బండి లెక్క వేశాను.

"వాల్ట్, తప్పు నాది. నిలబడి ఉన్నప్పటి లెక్క వెయ్యలేదు."

అతను తల తిప్పలేదు. "దానికి తర్వాత ఏడుద్దాం. ఇంజన్ ఆపనా?"

"ఆపితే మళ్ళీ ముప్పావుగంట."

"మరి?"

"హీటర్ వెయ్యి. ఫుల్‌గా. అదీ ఒక చిన్న రేడియేటరే. ఇంజన్ వేడి కొంత మన మీదికి లాగుతుంది."

"బయట తొంభై అయిదు డిగ్రీలుంది రావ్."

"నాది బెజవాడ."

వేశాడు. కాళ్ళ మీద ఎవరో ఇస్త్రీ పెట్టె ఆనించినట్టయింది. కళ్ళజోడు ముక్కు మీంచి జారింది. వాల్ట్ మొహం కారు రంగుకి వచ్చింది. ముల్లు రెండు వందల ముప్ఫై అయిదు దగ్గర కాసేపు ఆలోచించుకుని, ఒక గీత కిందికి దిగింది. ఇంకో గీత. నేను అరవై ఒకటో పెట్టెదాకా లెక్కపెట్టి మానేశాను, చెమటకి కళ్ళు కనబడలేదు.

అయిదూ యాభై రెండుకి వాకిట్లో ఆగాం. ఎర్ల్ మెట్లు దిగి వచ్చి, కారు చుట్టూ ఒకసారి నడిచి, నా వైపు కిటికీలో తల పెట్టి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"ఆగస్టులో హీటరేంట్రా?"

"మా ఇంజనీరుకి చలి" అన్నాడు వాల్ట్.

తలనుంచి కాలిదాకా తడిసి ఉన్న నన్ను చూసి ఎర్ల్ లోపలికి వెళ్ళి ఐసు నీళ్ళ జగ్గూ కారు కాగితాలూ తెచ్చాడు. నీళ్ళు నాకిచ్చాడు. కాగితాలు కారు మూత మీద పెట్టబోయి, చెయ్యి కాలి, తన మోకాలి మీద పెట్టుకుని సంతకం చేశాడు. "రంగు దరిద్రంగా ఉంది. చప్పుడు మాత్రం నాన్నకి నచ్చేది" అన్నాడు.

వాల్ట్ ఇంకో నాలుగు రోజులు అన్న దగ్గరే ఉంటానన్నాడు. మర్నాడు తొమ్మిదింబావు బస్సుకి నన్ను నాక్స్‌విల్‌లో దింపుతూ ఇంజన్ ఆపలేదు. "ఈసారి లెక్కలో రైలు కూడా వేసుకో రావ్" అన్నాడు.

ఈ దారిన వెళ్ళేవారికి చెప్పదగ్గవి రెండు. కెంటకీ కొండలు కారులోంచే బాగుంటాయి. తిరుగు బస్సులో ఏసీకి దుప్పటి తప్పనిసరి. నేను మంకీ క్యాప్ దించుకుని నోటుబుక్కు తీసి, వేగం సున్నా అని రాసి లెక్క మొదలుపెట్టాను. సిన్సినాటి వచ్చేసరికి తేలింది. బండి నిలబడ్డప్పుడూ రేడియేటర్‌లోంచి గాలి లాగేలా ఫ్యాన్ చుట్టూ ఒక రేకు గూడు కట్టాలి. దాని కింద 'హీటర్ తియ్యరాదు' అని రాసి, అలవాటు ప్రకారం సంతకం పెట్టాను.

పెట్టాక గుర్తొచ్చింది, పక్క సీటు మళ్ళీ నాదేనని. సరళకి ఎలా చెప్పాలో ట్రాయ్ చేరేదాకా తేలలేదు.