పాస్తా నీళ్లు పొంగే వేళ

పాస్తా నీళ్లు పొయ్యి మీద ఉన్నంతసేపు నేను వంటగది గుమ్మం వదిలి ఎక్కడికీ వెళ్లను. ఫోన్ మోగినా లేవను. చేతిలో పేపరు ఉంటుంది గానీ చదవను. మూత కింద నీళ్లు కదలడం మొదలైన దగ్గర్నుంచి, నురగ గిన్నె అంచు దాకా లేచి, మా ఆవిడ గరిటె తిప్పితే మళ్లీ కిందికి దిగేదాకా చూస్తూ కూర్చుంటాను. కొత్తవాళ్లెవరైనా చూస్తే ముసలాయన ఆకలికి ఆగలేక కాచుకుని ఉన్నాడనుకుంటారు.

మేం సైనిక్‌పురిలో ఉంటాం. కోడలి ఆఫీసు బేగంపేటలో. మెట్రో దిగి, ఆటో పట్టుకుని ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. అబ్బాయిది జిల్లాలు తిరిగే ఉద్యోగం, వారం మధ్యలో ఇంట్లో ఉండడు. మూడో తరగతి చదివే మనవరాలు ఒకతి. కోడలు వచ్చాక అన్నం, పప్పు, కూర అని మొదలుపెడితే అవి గిన్నెలోకి వచ్చేలోగా పిల్ల నిద్రపోయేది. పాస్తా మా ఇంట్లోకి అందుకే వచ్చింది. కోడలు ఒక ఆదివారం చేసి చూపించింది. ఆ తర్వాత మా ఆవిడ ఆమెను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు.

మా ఆవిడ దాన్ని పాస్తా అనదు. "ఇయ్యాల గొట్టాలే. ఎవలన్న మూతి ముడిస్తే ఉపాసమే," అనేది.

పెద్ద గిన్నెలో ఉప్పునీళ్లు మరిగించి, గొట్టాలు పోసి, మెత్తబడ్డాక చిల్లుల గిన్నెలో వంపేది. పక్క పొయ్యి మీద మూకుట్లో నూనె, చితక్కొట్టిన వెల్లుల్లి, ఎండుమిర్చి, ఉల్లిగడ్డ, టమాటా. అన్నీ మగ్గాక గొట్టాలు కలిపి, పైన పిల్ల కోసం చీజ్ తురుము. మనిషికో గిన్నె, ఒక చెంచా, అంతే. కోడలు చేతులు కడుక్కొచ్చి, సోఫాలో కాళ్లు పైకి పెట్టుకుని ఆ వేడి గిన్నె ఒళ్లో పెట్టుకునేది. నాలుగు చెంచాలు లోపలికి వెళ్లేసరికి ఆమె ముఖం మళ్లీ ఇంటి మనిషి ముఖమయ్యేది. ఆఫీసు సంగతులు అప్పుడు మొదలుపెట్టేది.

అయితే ముందు దేవుడికి. మా దేవుడి గూడు వంటగది మూలలోనే ఉంది. వండింది పప్పయినా పాస్తా అయినా ఒక చెంచాడు చిన్న గిన్నెలో ఆయన ముందు పెట్టాకే మాకు.

"నానమ్మా, దేవుడికి చీజ్ తక్కువేశావ్," అనేది మనవరాలు.

"ఆయనకు గంతే సాలు. ఎక్వైతే అరగది. నీ లెక్క మంచాల మీద దుంకుతడా ఆయన?"

దేవుడికి పెట్టకముందు నాలుక మీద వేసుకుంటే అది ఎంగిలి. పెళ్లయిన నాటి నుంచి ఆమె వండుతూ రుచి చూడడం నేను చూడలేదు. ఉప్పు సరిపోయిందో లేదో ఆవిరి వాసన చూసి చెప్పేది. వాడకట్టులో పెళ్లి వంటలైతే ఆమెను పిలిచి గుండిగల దగ్గర నిలబెట్టేవారు. ముఖం వంచి ఒక్కసారి గాలి పీల్చి, "ఇంక రెండు పిడికిళ్లు పడాలె," అనేది. వంటవాళ్లు నవ్వుతూనే వేసేవారు. తర్వాత నవ్వేవాళ్లు కాదు.

పోయిన వానాకాలం ఆమెకు జ్వరం వచ్చింది. వారం లోపే తగ్గింది. లేచిన మర్నాడే వంటగదిలోకి వెళ్లింది. ఆ సాయంత్రం పాస్తా నోట్లో పెట్టుకోలేకపోయాం. అంత ఉప్పు. కోడలు ఎలాగో తిని మూడు గ్లాసుల నీళ్లు తాగింది. పిల్ల చెంచా కింద పెట్టేసింది.

"టమాటలే గిట్లున్నయి," అంది మా ఆవిడ. ఉప్పుకూ టమాటాలకూ సంబంధమేమిటని ఎవరూ అడగలేదు.

తర్వాతిసారి ఉప్పే లేదు. ఆ తర్వాత ఒక సాయంత్రం నేను బయట మెట్ల మీద కూర్చుని ఉంటే వెల్లుల్లి మాడుతున్న వాసన వచ్చింది. లోపలికి వెళ్లాను. మూకుట్లో వెల్లుల్లి బొగ్గయిపోయింది. ఆమె మూకుడు మీదికి వంగి నిలబడే ఉంది. పొగ మొహానికి తగులుతోంది. కంగారేమీ లేకుండా టమాటాలు తరుగుతోంది.

నేను కరెంటు మీటర్లు పరీక్షించే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. అనుమానం వస్తే పరీక్షించకుండా ఉండలేను. ఇంగువ డబ్బా మూత తీసి ఆమె వెనక నిలబడ్డాను. ఆమె తల తిప్పలేదు. డబ్బాను భుజం పక్కకు తెచ్చాను. నా ముక్కే అదిరింది. ఆమె కత్తి ఆగలేదు.

"వాసన తెలుస్తోందా నీకు?" అన్నాను.

అప్పుడు తిరిగి, నా చేతిలో డబ్బా చూసింది. "దొంగలెక్క ఎనక నిలవడి ఏం పరీక్షలు చేస్తున్నరు? జలుబు. తగ్గుతది."

తగ్గలేదు. కోడలికి చెప్పాను. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. జ్వరం తర్వాత కొందరికి ఇలా అవుతుందని, తిరిగి రావచ్చు, రాకపోవచ్చునని, గ్యాస్ దగ్గర మాత్రం ఒంటరిగా ఉండనివ్వద్దని చెప్పాడు. మిగతా మాటలు మా ఆవిడ విన్నట్టే కనిపించింది. ఆ చివరి మాటకు సంచీ తీసుకుని లేచి నిలబడింది.

ఇంటికొచ్చాక కోడలు మెల్లగా అంది, "అత్తమ్మా, కొన్ని రోజులు వంటమనిషిని పెట్టుకుందాం. జస్ట్ ఈవెనింగ్స్."

"ముక్కే కద పోయింది, చేతులు పోలే. పొయ్యి నా దగ్గరికెల్లి గుంజుకుంటే ఇగ నేనీ ఇంట్ల ఏం చెయ్యాలె? కుర్సీ లెక్క కూసోవాల్నా?"

కోడలు ఇండక్షన్ పొయ్యి మాట ఎత్తింది. ఆ మాటకు మా ఆవిడకు ఇంకా కోపం వచ్చింది. "వాసన పాయె. ఇంక మంట సుత కనవడొద్దా నాకు?"

గ్యాస్‌ను పసిగట్టే యంత్రం ఒకటి నేనే కొని గోడకు బిగించాను. తాలింపు పొగకల్లా అరిచేది, కావాలని నేను గ్యాస్ వదిలి చూసినప్పుడు ఊరుకుంది. యంత్రాలతోనే బతికినవాణ్ని, ఎప్పుడు నమ్మకూడదో తెలుసు. విప్పి అవతల పెట్టాను. చివరికి, పొయ్యి వెలిగి ఉన్నంతసేపు ఇంకొకరం అక్కడే ఉండాలని ఒప్పందం చేసుకున్నాం. పిల్లకు మాత్రం చెప్పలేదు. ఎనిమిదేళ్ల పిల్ల నానమ్మను లోకువ కడుతుందని మా ఆవిడ భయం. ఆ భయం న్యాయమే అనిపించింది మాకు.

గ్యాస్‌కు సొంతంగా వాసన ఉండదు. కారితే మనిషికి తెలియాలని వాసన కలుపుతారు. గాలి కంటే బరువు కాబట్టి అది కిందికి దిగి నేల మీద పరుచుకుంటుంది. ఈ సంగతులు నాకు ఎప్పట్నుంచో తెలుసు. ఆ రోజుల్లో మాత్రం నడుస్తుంటే నా పాదాల దగ్గర ఆ గ్యాస్ ఉన్నట్టే అనిపించేది. ఆ వారాల్లో నేను రాసుకున్న డైరీ ఇప్పుడు చదువుకుంటే వాక్యాలు చాలా పొట్టిగా ఉన్నాయి.

ఒక సాయంత్రం ఆమె అంది, "చీజ్ ఒడిసింది. జెర తెస్తరా?"

"నేను వచ్చేదాకా పొయ్యి అంటించకు."

"అంటియ్య. పొండి."

దుకాణంలో జనం ఉన్నారు. నేను అక్కడ నిలబడి ఉండగా ఇంటికి కోడలు ఫోన్ చేసిందట, ఇవాళ ముందే బయల్దేరానని, మధ్యాహ్నం తినలేదని. ఆకలితో వచ్చే మనిషికి నీళ్లు కూడా మరగలేదని చెప్పడం మా ఆవిడకు చేతకాదు. పొయ్యి వెలిగించింది. నీళ్లు మరిగాయి, గొట్టాలు పోసి మూత పెట్టింది. అప్పటికి దీపం పెట్టే వేళయింది. కాళ్లు, ముఖం కడుక్కోకుండా ఆమె దీపం ముట్టుకోదు. కడుక్కోవడానికి వెళ్లింది. నురగ పొంగి పొయ్యి మీద పడి మంట ఆరిపోయింది. గ్యాస్ మాత్రం వస్తూనే ఉంది.

నాకు మెట్ల మొదట్లోనే తెలిసింది. ఆ వాసన తప్ప ఇంకేమీ లేదు గాల్లో. చెప్పులతోనే లోపలికి వెళ్లాను. పిల్ల వంటగది నేల మీద బోర్లా పడుకుని బొమ్మకు రంగులు వేస్తోంది. మా ఆవిడ దేవుడి గూడు ముందు నిలబడి ఉంది. ముఖం ఇంకా తడిగా ఉంది. ఎడమచేతిలో అగ్గిపెట్టె, కుడిచేతిలో పుల్ల.

"గియ్యకు!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

ఆమె చెయ్యి గాల్లోనే ఆగింది. నేను సిలిండర్ కట్టేసి, కిటికీలు తెరిచి, పిల్లను ఎత్తుకుని బయటికి వచ్చాను. అంత బరువు ఈ వయసులో ఎలా ఎత్తానో తెలియదు. ఆమె వెనకే వచ్చింది, పుల్ల వేళ్ల మధ్య అలాగే ఉంది.

మెట్ల మీద కూర్చున్నాక పిల్ల అంది, "తాతా, తల నొస్తోంది. బ్యాడ్ స్మెల్ వస్తుందని నానమ్మకి చెప్పా. రెండుసార్లు చెప్పా."

"నానమ్మ ఏమంది?"

"పక్కింటోళ్ల మోరీ అంది."

వానాకాలంలో పక్కింటి మురుగు మోరీ నిజంగానే కంపు కొడుతుంది. ముక్కు పనిచేసిన రోజుల్లో ఆ కంపు ఆమెకు తెలిసేది. పిల్ల వాసన అనగానే తనకు గుర్తున్న వాసనను జవాబుగా చెప్పింది. పిల్ల నమ్మి మళ్లీ రంగులు వేసుకుంది.

కోడలు గేటు తీసేసరికి మేం ముగ్గురం ఇంకా బయటే ఉన్నాం. నా ముఖం చూసి విషయం అడిగింది. చెప్పాను. ఆమె పిల్లను గట్టిగా దగ్గరికి తీసుకుంది గానీ అత్తను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదేమో. మా ఆవిడే కాసేపటికి పిల్లను పిలిచింది.

"ఇటు రా బిడ్డా. నాకు వాసన తెలుస్తలేదు. జరమొచ్చినప్పటికెల్లి. ఇగ నుంచి నీకు గట్ల కంపనిపిస్తే నన్నడగకు. ముందుగాల బయటికి ఉరుకు."

"మరి నువ్వు?"

"నన్ను సుత గుంజుకపో."

పిల్ల లోకువ కట్టలేదు. వాసన చూసే పనిని చాలా గట్టిగా పట్టుకుంది. బడి నుంచి రాగానే వంటగది మూల మూలా ముక్కు పెట్టి చూసేది. "క్లియర్, నానమ్మా," అనేది. అప్పుడు మా ఆవిడ లైటర్ నొక్కేది. నొక్కే ముందు ఒక క్షణం ఆగేది. ఆ క్షణంలో మేం ఎవరమూ ఊపిరి పీల్చేవాళ్లం కాదు.

ఈ మధ్య పిల్ల బడి నుంచి జలుబు తెచ్చుకుంది. రెండు రోజులకు నాకు అంటింది. ఇంగువ డబ్బా తెరిచి చూశాను. ఏమీ తెలియలేదు. పిల్లా అంతే. మా ఆవిడ గిన్నెలో నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టి, మా ఇద్దరి వైపూ చూసింది.

"ఏమన్న ఉందా?"

"తెలీట్లేదు నానమ్మా."

నన్ను అడగలేదు. నా ముక్కు ఎర్రగా ఉండడం కనబడుతూనే ఉంది. లైటర్ పక్కన పెట్టి ముందు గదిలోకి వచ్చి కూర్చుంది. మేమూ వచ్చి కూర్చున్నాం. దీపం పెట్టే వేళ దాటిపోయింది. ఆమె లేవలేదు. పిల్ల ఆకలంటే బిస్కెట్ ఇచ్చింది. పిల్ల లైటు వేయబోతే నేనే వద్దన్నాను, గ్యాస్ ఉంటే స్విచ్ రవ్వ కూడా చాలు. మాలో ఎవరికీ తెలియని గాలి ఇంటి నిండా ఉంది. అది మామూలు గాలే కావచ్చు. కానీ కాదనీ అవుననీ చెప్పగలిగిన మనిషి ఇంకా మెట్రోలో ఉంది.

కోడలు వచ్చి చీకట్లో మమ్మల్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏమైంది? ఎందుకిట్ల కూర్చున్నారు?"

"జెర వంటింట్లకు పోయి చూడు బిడ్డా," అంది మా ఆవిడ.

ఆమె బ్యాగు దించకుండానే వెళ్లింది. సిలిండర్ దగ్గర వంగింది, నేల దగ్గర వంగింది. మేం ఆమె వెనక గుమ్మంలో నిలబడ్డాం.

"ఏం లేదు అత్తమ్మా. అంటించండి."

మా ఆవిడ లైటర్ తీసి చేతిలో పట్టుకుంది. చాలాసేపు పట్టుకుంది. తర్వాత కోడలి చేతిలో పెట్టింది.

"నువ్వే అంటియ్యి. ఉప్పు సుత నువ్వే నోట్లేసుకుని చూడు. దేవునికి నేను చెప్పుకుంట."

కోడలు పొయ్యి వెలిగించింది. నీళ్లు మరగడానికి ఆ రోజు చాలా ఆలస్యమైనట్టు అనిపించింది. కూర్చునేందుకు పీట ఉంది గానీ నలుగురిలో ఎవరూ కూర్చోలేదు.